ఓడ లేదు, రేవు లేదు, పాట పేరు హైలెస్సా

ఓడ కళాసీల పనిపాటల్ని, అంటే తాళ్లు లాగుతూ పాడుకునే పాటల్ని, వెలికితీసి మళ్లీ పాడించే బాధ్యత హైదరాబాదే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. విశాఖ, కాకినాడ, బందరు ఇందుకు పనికిరావు. అక్కడ సముద్రం ఉంది. సముద్రం ఉన్నచోట వల అల్లుకుంటూ ఎవరో ఒక ముసలాయన కూర్చునే ఉంటాడు. మనం రెండు ముక్కలు పాడగానే "అట్లా పాడరు బాబూ" అంటాడు. పరిశోధనకు ఇంతకు మించిన ఆటంకం లేదు. మనకా టెన్షన్ లేదు. రోడ్డు లెక్కన ఏ అలైనా ఇక్కడికి 300 కిలోమీటర్ల అవతలే ఆగిపోతుంది కాబట్టి, మనం ఏది పాడితే అదే సంప్రదాయం.

నవ్వేవాళ్లు కాస్త చరిత్ర చదువుకుంటే మంచిది. గట్టి నేల మీద కూర్చుని సముద్రం సంగతులు తేల్చడం మనకు తాతల నాటి అలవాటు. ఓరుగల్లు నుంచి పాలించిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకు రాజులు లాగేసుకునే రోజులవి. సుంకం తప్ప మరేదీ ముట్టనని మాటిచ్చాడు. గోల్కొండ సుల్తానులు ఇక్కడ కోటలో ఉండే బందరు రేవుతో లోకమంతటికీ వ్యాపారం నడిపారు. ఇప్పుడు మాత్రం? సునామీ వస్తోందో లేదో తీరంవాళ్లకు చెప్పేది మన ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్. ఏ దిక్కున వల వేస్తే చేప పడుతుందో జాలరులకు కబురు వెళ్లేదీ అక్కణ్నుంచే. చేప ఎక్కడుందో చెప్పగలిగిన ఊరు, వల లాగేటప్పుడు ఏం పాడాలో చెప్పలేదా?

హుస్సేన్‌సాగర్‌లో ఏటా తెరచాప పడవల పోటీలు కూడా జరుగుతాయి. కాకపోతే అక్కడ తిరిగే లేజర్ రకం పడవలో మనిషి ఒక్కడే ఉంటాడు. వంత పాడేవాడు లేడు. వంత లేని పనిపాట పనిపాట కాదని మా పనిపాటల కమిటీలో ఒకాయన అభ్యంతరం చెప్పారు. ఆయన్ను తర్వాతి మీటింగుకు పిలవలేదు.

కమిటీ పుట్టుక గురించి రెండు మాటలు. 2021 జనవరిలో స్కాట్లాండ్‌లో ఒక పోస్ట్‌మ్యాన్ పాడిన న్యూజిలాండ్ తిమింగలాల వేటగాళ్ల పాట టిక్‌టాక్‌లో లోకాన్ని ఊపేసింది. మన దేశంలో అంతకు ఆరు నెలల ముందే టిక్‌టాక్ మూతపడింది కాబట్టి మనవాళ్లు రీల్స్ అనే పడవెక్కారు. తెలిసినవాళ్ల లెక్కలో ఆ తిమింగలాల పాట అసలు పనిపాటే కాదు, సరుకుల ఓడ కోసం ఎదురుచూస్తూ తీరిగ్గా పాడుకునే కథ. సరిగ్గా అందుకే అది మా కమిటీకి ఆదర్శమైంది.

అసలు పనిపాటల పద్ధతి వేరు, చాలా చాదస్తం కూడా. తెరచాప పైకెత్తే పాటలో ముందరి గొంతు ఒక చరణం అంటుంది, మిగతావాళ్లు వంత అందుకుంటారు. ఆ వంతలో ఒకటి రెండు చోట్ల మాత్రమే అందరి చేతులూ ఒక్కసారిగా తాడు మీద పడతాయి. చరణం జరుగుతున్నంతసేపు ఊపిరి తీసుకోవాలి. లంగరు ఎత్తడానికి అట్లా కుదరదు. చక్రం చుట్టూ గంటల తరబడి తిరగాలి కాబట్టి ఆ పాట నడకలా ఆగకుండా సాగుతుంది. కారే చెక్క ఓడల్లో నీళ్లు తోడడానికి ఇంకో రకం. పాట ఎంతసేపన్నది పాడేవాడి చేతిలో ఉండదు. తెరచాప చివరిదాకా ఎక్కిందని పై అధికారి కేకేస్తే చరణం మధ్యలో, మాట మధ్యలో పాట తెగిపోవాల్సిందే. మేం దీన్ని సంస్కరించాం. మా పాటలు మూడున్నర నిమిషాలకు, స్పాన్సర్ పేరు చదివాక ఆగుతాయి.

మరో విశేషం. మామూలుగా నోరెత్తితే శిక్ష పడే ఓడ మీద, కెప్టెన్ పిసినారితనాన్నీ వంటవాడి చేతివాటాన్నీ పాటలో పెట్టి తిడితే చూసీచూడనట్టు ఊరుకునేవారు. యుద్ధనౌకల్లో ఈ పాటలే కూడదన్నారు. అక్కడ ఈలలు, పిల్లనగ్రోవి, క్రమశిక్షణ. బరువు లాగే పాటకు చాలా భాగం అమెరికా దక్షిణ రేవుల్లో పత్తి బేళ్లు ఓడల్లోకి కూరిన నల్లజాతి కూలీల గొంతు నుంచి వచ్చింది. ఆవిరి యంత్రాలు వచ్చి తాళ్లు లాగడం మొదలుపెట్టాక పాడే అవసరం పోయింది. స్టాన్ హ్యూగిల్ అనే కళాసీ 1929లో ప్రమాదంలో పోయిన గార్త్‌పూల్ అనే తెరచాప ఓడలో పాట ఎత్తుకునేవాడు. ఆయన 1961లో ఆ పాటలన్నీ పోగేసి పుస్తకం వేశాడు. వేసేముందు బూతులన్నీ కడగాల్సి వచ్చింది పాపం.

ఈ కడుగుడు దగ్గరే మాకూ చిక్కొచ్చింది. మన తీరంలో అలివి వలను రెండు తాళ్లతో రెండు జట్లు ఒడ్డుకు లాగేటప్పుడు పాడినవి, కాలవ గట్టున నడుస్తూ పడవకు తాడు కట్టి ఈడ్చినప్పుడు పాడినవి కొన్ని సంపాదించాం. కుటుంబసమేతంగా వినేలా ఉండాలని ఒక ఉపసంఘం కూర్చుని వదినె మీద సరసాలు తీసేసింది. తర్వాత సారా, షావుకారు మీద శాపనార్థాలు, ఏదో కులం పేరు తీసేసింది. చివరికి మిగిలింది "హైలెస్సా" ఒక్కటే. అది చాలా స్వచ్ఛంగా ఉందని ఉపసంఘం సంతోషించింది.

మొదటి వర్క్‌షాపు మాదాపూర్ దగ్గర ఒక గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో, ఏసీ హాల్లో పెట్టాం. బేగంబజార్ నుంచి బొటనవేలంత లావు నైలాన్ తాడు తెచ్చి ఒక కొసను స్తంభానికి కట్టాం. రెండో కొస ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ టీమ్ చేతిలో. స్తంభం కదలదు కదా అని ఒక అమ్మాయి అడిగింది. "బరువును ఊహించుకోండి" అన్నారు ట్రైనర్. మంచి పాట పదిమంది మనుషుల పెట్టు అని కళాసీల నానుడి ఒకటుందని ఆయన చెప్పగానే, వెనక వరసలోంచి హెచ్‌ఆర్ మేడమ్ నోట్సు రాసుకున్నారు. ఆ పది అనే అంకె కింద గీత కూడా గీశారు. టీమ్‌లో కొందరి గొంతు అక్కడితో తగ్గింది.

సొంతంగా చరణం కట్టమంటే వాళ్లు మాత్రం అదరగొట్టారు:

లాగిన్ లాగిన్ అంటాడే – హైలెస్సా
లాగేదంతా మేమేనే – హైలెస్సా
శనివారం సెలవంటాడే – హైలెస్సా
శుక్రవారం రాత్రి చెబుతాడే – హైలెస్సా

మేనేజర్ చప్పట్లు కొట్టి, స్పిరిట్ బాగుంది గానీ పాజిటివ్‌గా లేదన్నారు. తుది ప్రతిలో మనమంతా ఒకే ఓడలో ఉన్నామన్న భావం వచ్చింది. ఆయన క్యాబిన్ పై అంతస్తులో ఉంటుంది.

రికార్డింగ్ రోజు ఒక అపశ్రుతి. ఎదురు బ్లాకులో ఎవరో కొత్తగా దిగుతున్నారు. ఇనప బీరువా లిఫ్టులో పట్టలేదు. నలుగురు హమాలీలు మెట్ల మీదుగా మూడో అంతస్తుకు ఎక్కిస్తున్నారు. కింది వైపు, బరువంతా మీద పడేచోట, తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన ఉన్నాడు. ఆయన బీరువా యజమాని పిసినారితనం మీద ఒక మాట విసురుతాడు, మిగతా ముగ్గురు "ఐసా" అంటారు, బీరువా ఒక మెట్టు ఎక్కుతుంది. మలుపు దగ్గర ఆయన అరచేయి గోడకు ఆనించగానే మాట సగంలో ఆగిపోయింది. బీరువా మూల మెట్టు అంచు మీద ఆనింది. నలుగురూ ఒక్కసారే ఊపిరి వదిలారు. మైకులో అదంతా పడుతోంది.

మా నిర్వాహకుడు పరుగున వెళ్లాడు. "అన్నా, జర సప్పుడు చెయ్యకుండ్రి. లోపల శ్రమగీతాల రికార్డింగ్ నడుస్తున్నది."

"సప్పుడు చెయ్యకుంటే ఇది లేవదు సార్" అన్నాడు పెద్దాయన.

నేను మా నిర్వాహకుణ్నే సమర్థిస్తాను. ఆ నలుగురి పాటకు ప్రామాణికత ఏది? స్వరలిపి లేదు, గ్రంథసూచిక లేదు, యజమాని గురించి అన్నమాట కుటుంబసమేతంగా వినేదీ కాదు. పైగా ఆ బీరువా నిజంగానే బరువుంది. చివరికి మనిషికి యాభై చొప్పున ఇచ్చి, మా టేక్ ఓకే అయ్యేదాకా మలుపు దగ్గరే కూర్చోబెట్టాం. తొమ్మిదో టేకు ఓకే అయింది.

ఇక మిగిలింది క్షేత్ర పరిశోధన. సముద్రాన్ని ఒక్కసారైనా చూడకపోతే నివేదికకు నిండుదనం రాదని కమిటీ తీర్మానించింది. ఇందుకు గోవా వెళుతున్నాం. 1947 ప్రాంతంలో నిజాం సర్కారు కూడా రేవు కావాలనిపించినప్పుడు పోర్చుగీసువారి చేతిలోని మార్ముగోవా కోసమే బేరాలాడింది కాబట్టి, దీనికి చారిత్రక ఆధారం ఉందని ఫైలులో రాసుకున్నాం. తెలుగు పాటలకు బందరు దగ్గర కదా అని ఆడిటర్ అడిగారు. అక్కడికి వెళితే నిజంగానే ఎవరో ఒకరు తాడు చేతికిస్తారని మా భయం.