తనిఖీ లేని ఒప్పందం ఎవరిని ఆపుతుంది?

అమెరికా, రష్యాల మధ్య మిగిలిన చివరి అణ్వాయుధ పరిమితి ఒప్పందం న్యూ స్టార్ట్. దాని గడువు 2026 ఫిబ్రవరి 5తో తీరిపోయింది. ఒక్కసారి మాత్రమే పొడిగించే వీలున్న ఆ ఒప్పందాన్ని 2021లోనే అయిదేళ్లు పొడిగించేశారు కాబట్టి ఇంకో దారి లేకపోయింది. దీనిపై జరిగిన చర్చంతా 1,550 అనే అంకె చుట్టూనే తిరిగింది. మోహరించిన వార్‌హెడ్లకు, అంటే క్షిపణులు మోసే అణుబాంబులకు, ఆ పరిమితి పోయింది కాబట్టి ఇక పోటాపోటీగా పెంచుకుంటారన్నది ఆందోళన. ఆ భయంలో నిజముంది. అయితే అసలు నష్టం అంతకు ఆరేళ్ల ముందే మొదలైంది. కొవిడ్ కారణంగా 2020 మార్చిలో ఆపిన తనిఖీలు మళ్లీ మొదలవలేదు. 2022 ఆగస్టులో రష్యా తన స్థావరాల్లోకి తనిఖీ బృందాలను రానివ్వబోమంది. 2023 ఫిబ్రవరిలో ఒప్పందం అమలునే నిలిపేసింది. అంటే చివరి మూడేళ్లూ పరిమితి కాగితం మీద ఉంది గానీ, అది అమలవుతోందో లేదో చూసి చెప్పేవాళ్లు లేరు.

ఆయుధ నియంత్రణలో ప్రాణం అంకెలో ఉండదు, ఎదుటివాడి స్థావరంలోకి వెళ్లి చూసే హక్కులో ఉంటుంది. ఆ హక్కు ఆచరణలో ఎలా పనిచేసిందో తెలిస్తేనే ఏం పోగొట్టుకున్నామో అర్థమవుతుంది.

న్యూ స్టార్ట్ కింద ఒక్కో దేశానికి ఏడాదికి 18 తనిఖీలు. వాటిలో 10 ఆయుధాలు మోహరించిన స్థావరాల్లో, మిగతా 8 మోహరించని క్షిపణులు, బాంబర్లు ఉండే చోట్ల. తనిఖీ బృందం ఆ దేశంలో దిగిన తర్వాతే ఏ స్థావరం చూడాలనుకుంటోందో చెబుతుంది. చెప్పిన క్షణం నుంచి అక్కడి ఆయుధాల కదలికలపై ఆంక్షలు మొదలవుతాయి. స్థావరానికి చేరగానే ఆతిథ్య దేశం అధికారులు ఏ క్షిపణి మీద ఎన్ని వార్‌హెడ్లు ఉన్నాయో లెక్క అప్పజెబుతారు. బృందం అందులో ఒక క్షిపణిని ఎంచుకుంటుంది. దాని ముందు భాగాన్ని విప్పి చూపిస్తారు. వార్‌హెడ్ల ఆకారం కనబడకుండా వాటికి ముసుగులు వేయవచ్చు గానీ, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకునే వీలు ఉండాలి. ‘ఇది అణు వార్‌హెడ్ కాదు’ అని ఏ వస్తువు గురించైనా చెబితే న్యూట్రాన్ డిటెక్టర్ పెట్టి చూసే హక్కు ఉంది. ప్రతి క్షిపణికీ, ప్రతి బాంబర్‌కూ ఒక గుర్తింపు సంఖ్య. అది ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారితే ఎదుటి దేశానికి సమాచారం వెళ్లాలి. తనిఖీలు ఆగేనాటికి ఇలాంటివి మొత్తం 328 జరిగాయి. రెండు దేశాలు ఇచ్చిపుచ్చుకున్న సమాచార నోటీసులు 25,000 దాటాయి.

ఒక్క క్షిపణిని చూస్తే వందల క్షిపణుల సంగతి ఎలా తెలుస్తుందన్న ప్రశ్న సహజం. ఏది ఎంచుకుంటారో ముందుగా తెలియదు కాబట్టి ఆతిథ్య దేశం అన్నింటి లెక్కా సరిగా ఉంచుకోక తప్పదు. ఉపగ్రహం ఈ పని చేయలేదు. అది సైలోను, అంటే క్షిపణిని ఉంచే భూగర్భ గొట్టాన్ని, చూడగలదు, సైలో మూత కింద క్షిపణి ముక్కులో వార్‌హెడ్లు మూడున్నాయో ఒకటుందో చెప్పలేదు.

ఈ పద్ధతిలో లోపాలూ ఉన్నాయి. ఎన్నో అణ్వాయుధాలు మోయగల భారీ బాంబర్‌ను ఒకే వార్‌హెడ్ కింద లెక్కగట్టేవారు. గోదాముల్లో దాచినవి, స్వల్ప దూర యుద్ధరంగ అణ్వాయుధాలు అసలు లెక్కలోకే రాలేదు. దీన్ని చూపించి ఒప్పందమే బూటకమనేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. లెక్క నియమం ఏమిటో ఇద్దరికీ తెలిసినప్పుడు, అందులో ఏది చేరలేదో కూడా ఇద్దరికీ తెలుస్తుంది.

ఇంతకంటే కఠినమైన చిక్కు ఇంకొకటుంది. అమెరికా, రష్యాలు ఇన్నేళ్లలో కుదుర్చుకున్న ఒప్పందాలు క్షిపణులను, బాంబర్లను, సైలోలను ధ్వంసం చేయించాయి. మధ్యశ్రేణి క్షిపణులను నిషేధించిన 1987 నాటి ఐఎన్ఎఫ్ ఒప్పందం కింద 1991 జూన్ నాటికి 2,692 క్షిపణులు నాశనమయ్యాయి. వాటిలో 1,846 సోవియట్‌వి, 846 అమెరికావి. అయినా వార్‌హెడ్‌లోని అణు పదార్థం నాశనం చేసి తీరాలన్న షరతు అందులో లేదు. కారణం ఏమిటంటే, ముందున్నది నిజమైన వార్‌హెడ్డా, నకిలీదా అని తేల్చాలంటే దాని నుంచి వచ్చే గామా కిరణాలు, న్యూట్రాన్లు కొలవాలి. ప్లుటోనియం ఏ రకందో, ఎంత ఉందో వాటితోనే తెలుస్తుంది. అదే కొలతలో ఆయుధం డిజైన్ కూడా బయటపడుతుంది. ఆ రహస్యం ఏ అణుదేశమూ చెప్పదు. చెప్పకూడదు కూడా. చెబితే అది అణువ్యాప్తి అవుతుంది.

దీనికి పరిష్కారం వెతకడానికే 1996లో అమెరికా, రష్యా, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కలిసి పనిచేయడం మొదలుపెట్టాయి. డిటెక్టర్‌కీ తనిఖీదారుకీ మధ్య ఒక కంప్యూటర్ ఉంటుంది. అది కొలతలన్నీ లోపలే ఉంచుకుని, ముందే ఒప్పుకున్న ప్రమాణాలకు సరిపోతే పచ్చ దీపం, లేకపోతే ఎర్ర దీపం మాత్రం వెలిగిస్తుంది. వినడానికి సులువే. మరి ఆ కంప్యూటర్ ఎవరు తయారుచేయాలి? ఆతిథ్య దేశం చేస్తే ఎప్పుడూ పచ్చ దీపమే వెలిగే ఏర్పాటు అందులో ఉందేమోనని తనిఖీదారు అనుమానం. తనిఖీదారు తెస్తే కొలతలను దాచుకుని పట్టుకుపోతాడేమోనని ఆతిథ్య దేశం భయం. ఒకేలాంటివి అనేకం తయారుచేసి, చీటీ తీసినట్టు ఒకదాన్ని వాడటానికి, ఇంకొకదాన్ని విప్పి పరీక్షించడానికి ఎంచుకోవడం ఇందుకు ఒక మార్గం. సాంకేతికంగా ఎంతో దూరం వెళ్లిన ఆ ప్రయత్నం 2002లో అమలుకు రాకుండానే ముగిసింది. బ్రిటన్, నార్వేలు 2007 నుంచి ఇదే సమస్య మీద కలిసి పనిచేశాయి. అణ్వాయుధాలు లేని నార్వే పాల్గొనడం చిన్న విషయం కాదు. రహస్యం తెలియకుండానే నిజం తేల్చుకోవచ్చా అన్నది ఆయుధం లేని దేశం నమ్మితేనే మిగతా ప్రపంచం నమ్ముతుంది.

రసాయన ఆయుధాల కథ ఇంకో పాఠం చెబుతుంది. 1997లో అమల్లోకి వచ్చిన ఒప్పందం కింద సభ్య దేశాలు ప్రకటించిన 72,304 టన్నుల విషం మొత్తాన్నీ నాశనం చేశారు. చివరి ఆయుధం 2023 జులై 7న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో నాశనమైంది. ఒక రకం ఆయుధాలన్నింటినీ, తనిఖీల నడుమ, ప్రకటించినంత వరకు తుడిచిపెట్టిన ఘనత ఇది. కానీ అసలు గడువు 2007. దాన్ని 2012కి పెంచినా అందుకోలేదు. అమెరికా రసాయన ఆయుధమైన ఎం55 రాకెట్‌లో ఇంధనం, పేలుడు పదార్థం, సరిన్ లాంటి విషం అన్నీ ఒకే గొట్టంలో ఉంటాయి. దశాబ్దాల నిల్వతో కొన్ని కారడం మొదలుపెట్టాయి. చర్మాన్ని కాల్చే మస్టర్డ్ విషం నింపిన పాత గుండ్లలో ద్రవం గట్టిపడి గోడలకు అంటుకుపోయి, వంచినా బయటికి రాలేదు. కాల్చేసే కొలిమి తమ ఊరి పక్కన వద్దని స్థానికులు అడ్డుకోవడంతో కెంటకీ, కొలరాడోల్లో వేడినీళ్లతో, క్షారంతో విషాన్ని విరిచే పద్ధతికి మారాల్సి వచ్చింది. దౌత్యవేత్తలు గడువు రాసేటప్పుడు ఇంజినీర్లు పక్కన లేకపోతే ఇలాగే అవుతుంది.

సిరియాలో విఫలమైంది ఇంజినీరింగ్ కాదు, జాబితా. 2013లో ఒప్పందంలో చేరిన ఆ దేశం నుంచి సుమారు 1,300 టన్నుల రసాయనాలు తరలించారు. అత్యంత ప్రమాదకరమైన దాదాపు 600 టన్నులను సముద్రం మధ్యలో అమెరికా నౌక కేప్ రే మీదే నిర్వీర్యం చేశారు. 2017 ఏప్రిల్‌లో సిరియా పట్టణం ఖాన్ షేఖూన్‌లో మళ్లీ సరిన్ ప్రజలను చంపింది. ప్రకటించినది నాశనం చేయడం వేరు, ప్రకటించనిది పట్టుకోవడం వేరు. రెండోదాని కోసమే ఆ ఒప్పందంలో ‘సవాలు తనిఖీ’ అనే ఏర్పాటు ఉంది. ఏ సభ్య దేశమైనా అనుమానం వస్తే ఇంకో దేశంలో ఎక్కడికైనా తనిఖీ బృందాన్ని పంపమని అడగవచ్చు. ఇన్నేళ్లలో ఒక్క దేశమూ అడగలేదు. ఏమీ దొరక్కపోతే పరువు పోతుందని, రేపు తమ మీదా అడుగుతారని వెనకాడారు. వాడని అధికారం క్రమంగా మాయమవుతుంది. నా దృష్టిలో ఈ ఒప్పందానికి అతిపెద్ద మచ్చ ఇదే.

జీవాయుధాల నిషేధానికి ఈమాత్రం ఏర్పాటూ లేదు. 1975లో అమల్లోకి వచ్చిన ఆ ఒప్పందంలో తనిఖీ యంత్రాంగమే లేదు. సంతకం చేసిన సోవియట్ యూనియన్ రహస్యంగా భారీ కార్యక్రమం నడిపింది. 1979లో స్వెర్ద్‌లోవ్‌స్క్‌లో ఆంథ్రాక్స్ అనే ప్రాణాంతక బ్యాక్టీరియా లీకై పదుల మంది చనిపోతే కలుషిత మాంసం వల్లనని ఏళ్లపాటు చెప్పింది. తనిఖీ నియమాలు చేర్చే ప్రయత్నాన్ని 2001లో అమెరికా తిరస్కరించింది.

తనిఖీ తెగితే ఏమవుతుందో ఇరాన్ చూపించింది. 2021 ఫిబ్రవరి నుంచి ఆ దేశం తన అణు కార్యక్రమంపై అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చేసే అదనపు తనిఖీలను ఆపేసింది. 2022 జూన్‌లో కెమెరాలు తీయించింది. దాంతో యురేనియంను శుద్ధి చేసే సెంట్రిఫ్యూజుల విడిభాగాలు ఎన్ని తయారయ్యాయో, ఎక్కడికి వెళ్లాయో అణుశక్తి సంస్థకు తెలిసే దారి మూసుకుపోయింది. రేపు తలుపులన్నీ తెరిచినా ఆ ఖాళీ ఏళ్ల లెక్కను పూర్తిగా తిరిగి కట్టలేరు. ఈ అంధకారంలోనే అనుమానం బాంబులకు దారితీసింది. 2025 జూన్ దాడుల తర్వాత శుద్ధి చేసిన యురేనియం ఎక్కడుందో తేల్చడం మరింత కష్టమైంది.

అందుకే కొత్త ఒప్పందం కోసం అంకెల బేరంతో మొదలుపెట్టడం వృథా అనిపిస్తుంది. చైనాను కూర్చోబెట్టి మూడు దేశాలకూ పరిమితులు పెట్టాలన్న అమెరికా ప్రతిపాదన ఇంతవరకు ముందుకు కదల్లేదు. తక్కువ ఆయుధాలున్న దేశం వాటి ఉనికి చెప్పడానికే జంకుతుంది. కానీ క్షిపణి ప్రయోగాల ముందస్తు సమాచారంపై చైనా, రష్యాల మధ్య 2009 నుంచే ఒప్పందం ఉంది. భారత్, పాకిస్థాన్‌లు 1992 నుంచి ఏటా జనవరి 1న అణు కేంద్రాల జాబితాలు మార్చుకుంటూనే ఉన్నాయి, కార్గిల్ యుద్ధం ఆ ఆనవాయితీని ఆపలేదు. అమెరికా, రష్యాల మధ్య 1988 నాటి ప్రయోగ నోటీసుల ఒప్పందాన్ని పాటిస్తూనే ఉంటామని రష్యా 2023లో న్యూ స్టార్ట్‌ను నిలిపేసినప్పుడు కూడా చెప్పింది.

ఇప్పుడు చేయగలిగింది ఆ దారిలోనే ఉంది. కొత్త ఒప్పందం కోసం ఎదురుచూడకుండానే వాషింగ్టన్, మాస్కో ఆరు నెలలకోసారి ఇచ్చిపుచ్చుకునే లెక్కలను మళ్లీ మొదలుపెట్టవచ్చు. అందుకు అమెరికా సెనెట్ ఆమోదం అక్కర్లేదు. దాంతోపాటు తనిఖీ బృందాలకు శిక్షణ కొనసాగించాలి. 2020 మార్చి తర్వాత సైలో దగ్గర నిలబడి వార్‌హెడ్లు లెక్కపెట్టినవారు లేరు. ఆ అనుభవం ఉన్నవారు ఏటా రిటైరవుతున్నారు. రేపు ఒప్పందం కుదిరిన రోజున ముసుగు కింద ఏం వెతకాలో, డిటెక్టర్ ఎంత దూరంలో పెట్టాలో చేసి చూపేవారు లేకపోతే, మొదటి తనిఖీకే ఏళ్లు పడుతుంది.