పెడల్ బుష్ విడిగా ఎందుకు అమ్మరు?

2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో వరంగల్, హనుమకొండ కాలనీలు నీట మునిగినప్పుడు ఇళ్ల ముందున్న కార్లూ మునిగాయి. కారులోకి నీళ్లొస్తే మనం ముందు ఇంజిన్ చూపిస్తాం, సీట్లు ఎండబెడతాం. డ్యాష్‌బోర్డు కింద పెడళ్లు వేలాడే ఇనుప బ్రాకెట్ మాత్రం ఎవరికీ గుర్తుకురాదు. కార్పెట్ కింద చెమ్మ నిలిచిపోతే అక్కడి స్ప్రింగులు, పిన్నులు తుప్పు పడతాయి. భూపాలపల్లి వైపు బొగ్గు లారీల వెనక తిరిగే బండ్లకు దుమ్ము బాధ అదనం.

క్లచ్ తొక్కినప్పుడల్లా కిర్రుమంటుంది. పెడల్‌ను చేత్తో పట్టుకుని పక్కలకు ఊపితే ఊగుతుంది. చాలాసార్లు తప్పు ఒక్క బుష్‌దే. పెడల్ తిరిగే బోల్టుకు రెండు వైపులా ఉండే చిన్న నైలాన్ ముక్క అది. దాని కోసం స్పేర్ పార్టుల షాపుకు వెళ్తే తరచూ వినిపించే జవాబు ఒకటే: "బుష్ విడిగా రాదన్నా, అసెంబ్లీ మొత్తం తీసుకోవాల్సిందే." అసెంబ్లీ అంటే బ్రాకెట్‌తో సహా పెడల్ సెట్టంతా.

ఈ జవాబును నేను ఒప్పుకోను. క్లచ్ పెడల్ విప్పి బుష్ మార్చడం, ఓపిక ఉన్నవాళ్లు ఇంట్లో చేసుకోగల పనే. ముందు బ్యాటరీ నెగటివ్ తీసి, ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే కొన్ని నిమిషాలు ఆగాలి. సీటు పూర్తిగా వెనక్కి జరిపి, విప్పే ముందే నాలుగు ఫొటోలు తీసుకోవాలి. క్లిప్ లాగి పిన్ తీస్తే, పెడల్ కదలికను క్లచ్ వైపు చేరవేసే కేబులో, పుష్ రాడో విడిపోతుంది. కొన్ని బండ్లలో పెడల్‌కు బలమైన సహాయక స్ప్రింగ్ ఉంటుంది. బిగువు మీద ఉన్న దాన్ని అజాగ్రత్తగా తీస్తే ముఖం మీదికి ఎగురుతుంది, కళ్లద్దాలు పెట్టుకోవాల్సిందే. బోల్టు తీశాక పెడల్ చేతిలోకి వస్తుంది. అరిగిన బుష్ చూడగానే తెలిసిపోతుంది. గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉంటుంది, గ్రీజు దుమ్ముతో కలిసి నల్లటి ముద్దయి ఉంటుంది. బోల్టు మీద గోరుతో గీస్తే గాడి తగిలిందా, అదీ మార్చాలి. లేకపోతే కొత్త బుష్ కూడా త్వరలోనే అరుగుతుంది.

బ్రేక్ పెడల్ సంగతి వేరు. విప్పడం దాదాపు అలాగే ఉంటుంది, తిరిగి బిగించడంలోనే ప్రాణం ఉంది. మన కాలి బలాన్ని పెంచే బూస్టర్‌లోకి పెడల్ నుంచి ఒక రాడ్ వెళ్తుంది. దాని పొడవు ఉండాల్సిన దానికంటే కాస్త పెరిగినా, బ్రేక్ ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ పెడల్ వదిలాక పూర్తిగా వెనక్కి రాదు. ఆయిల్ తిరిగి ట్యాంకులోకి వెళ్లే చిన్న దారి మూసుకునే ఉంటుంది. నడిచేకొద్దీ ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. ఇంటి ముందు బాగానే ఆగిన బండి హైవే మీద మొండికేసేది ఇందుకే. బ్రేక్ లైట్ స్విచ్‌ను ఎక్కువ ముందుకు బిగించినా అది పెడల్‌ను పూర్తిగా పైకి రానివ్వదు. అందుకే రాడ్ నట్టును కదిలించకపోవడమే మేలు. కదిలించక తప్పకపోతే కొలత రాసుకోవాలి. ఆ కొలత కంపెనీ వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటుంది, కారుతో మన చేతికిచ్చే పుస్తకంలో సాధారణంగా ఉండదు. బ్రేక్ పిన్నుకు క్లిప్ దొరకలేదని బైండింగ్ వైరు చుట్టడం మాత్రం ఎవరు చేసినా క్షమించరాని పని. అలాంటి బండిలో పిల్లలు కూర్చుంటారు.

కొత్త కార్ల యాక్సిలరేటర్ పెడల్‌లో సెన్సార్లు ఉంటాయి. దాన్ని ఇంట్లో విప్పొద్దు.

మొత్తం అసెంబ్లీ మార్చడమే భద్రత అనే వాదన ఒకటుంది. అయితే 2010 జనవరిలో టయోటా చేసిన పని చూడండి. యాక్సిలరేటర్ పెడల్ పట్టేస్తోందని అమెరికాలో దాదాపు 23 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. ప్రాణాల మీదికొచ్చే లోపం అది. రోడ్డు మీదున్న కార్లకు ఆ కంపెనీ మొదలుపెట్టిన రిపేరు, పెడల్ లోపల రాపిడి తగ్గేలా ఒక చిన్న ఉక్కు ముక్క అమర్చడం. ఖర్చు కంపెనీదైనప్పుడు చిన్న ముక్కతో సరిచేసిన పెడల్ భద్రమే అయినప్పుడు, ఖర్చు మనదైతే అసెంబ్లీ ఒక్కటే దారి ఎలా అవుతుంది?

మన దగ్గర ఈ ప్రశ్న ఎప్పుడో లేచింది. విడిభాగాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నాయంటూ 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబర్‌లో కేంద్రం 'రైట్ టు రిపేర్' (రిపేరు చేసుకునే హక్కు) పోర్టల్ తెచ్చింది, అందులో వాహనాల రంగాన్నీ చేర్చింది. మంచి అడుగే. కానీ కస్టమర్ కేర్ నంబర్లు, వారంటీ వివరాలతో షెడ్డులో పని నడవదు. పెడల్ ఎత్తు, రాడ్ పొడవు, నట్టు ఎంత బిగించాలన్న లెక్క ఉచితంగా తెలుగులో దొరకాలి. బుష్‌కు, పిన్నుకు, క్లిప్‌కు వేర్వేరు పార్ట్ నంబర్లు ఉండాలి. ఇవి లేకనే మెకానిక్ వైరు ముక్క వెతుక్కుంటున్నాడు.

అంతవరకు బ్రేక్ పెడల్ జోలికి వెళ్లినవాళ్లు కనీసం ఇది చేయాలి. ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయాలి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టర్ పని చేస్తున్నట్టు. వెనక ఒకరిని నిలబెట్టి బ్రేక్ లైట్లు చూడాలి. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా కాస్త దూరం నడిపి, దిగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడాలి. ఎక్కడైనా సెగ కొడితే బండిని అక్కడే ఆపి మెకానిక్‌ను పిలవాలి.