656 అడుగుల వాచీ, ఈత రాని మనిషి

ఈత రానివాడికి డైవింగ్ వాచీ ఎందుకని మా ఆవిడ అడిగింది. మా బీమా ఏజెంటు అడిగాడు. నల్లగొండ గడియారం సెంటర్లో టీ తాగడానికి ఆగినవాళ్లు, నాకు ముఖపరిచయం కూడా లేనివాళ్లు అడిగారు. ఇంతమందికి ఒకే విషయం మీద ఏకాభిప్రాయం కుదరడం మా జిల్లాలో అరుదు. కాబట్టి జవాబు రాతపూర్వకంగా ఇవ్వడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

ముందు కొంచెం చరిత్ర. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోతున్న ఊళ్ల గోడు ఢిల్లీ చెవిన వేయడానికి, జల సాధన సమితి పిలుపు మీద వందలమంది స్వతంత్రులుగా నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం కాస్తా పుస్తకమైంది. పోలింగు వాయిదా పడింది. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థి కట్టాల్సిన ధరావతు 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది. నీళ్లు, స్వతంత్రులు అనే రెండు మాటలను ఒకే వాక్యంలో పలికే హక్కు దేశంలో ఎవరికైనా ఉందంటే మాకే ఉంది. నీళ్ల కోసం పుట్టి, స్వతంత్ర తయారీదారు చేతిలో పెరిగిన చిన్న డైవింగ్ వాచీకి సహజమైన చిరునామా నల్లగొండ కాక మరేమవుతుంది? ధరావతు విషయంలోనూ పోలిక ఉంది. దాని సంగతి తర్వాత.

నా వాచీ వెనక మూత మీద 200 మీటర్లు అని చెక్కి ఉంటుంది. సరదా కోసం సముద్రంలో మునిగేవాళ్లకు శిక్షణ సంస్థలు గీసిన గీత 40 మీటర్లు. నాగార్జునసాగర్ డ్యాం ఎత్తు పునాది నుంచి లెక్కపెట్టినా 124 మీటర్లు. అంటే నేను డ్యాం మీద నుంచి జారి పునాది రాయి దాకా వెళ్లినా వాచీలో ఇంకా 76 మీటర్ల సత్తా మిగిలే ఉంటుంది. నాలో ఏమీ మిగలదు, కానీ మనం మాట్లాడుకుంటున్నది వాచీ గురించి. ఆ నీళ్ల అడుగున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. తవ్వకాల్లో దొరికిన శిల్పాలను కొండ మీదికి చేర్చారు గానీ లోయ మునిగిపోయింది. ఆ లోయను చూసి రావడానికి కావలసిన సామగ్రిలో ఒకటి నేను కొనేశాను. ఈత, గాలి సిలిండరు, ధైర్యం వగైరాలు విడతలవారీగా సమకూర్చుకుంటాను.

ఈ 200 అన్నది నోటి మాట కాదని కూడా చెప్పాలి. డైవింగ్ వాచీలకు ఐ.ఎస్.ఓ. 6425 అనే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. దాని ప్రకారం తక్కువలో తక్కువ 100 మీటర్లు తట్టుకోవాలి. చెప్పుకున్న లోతు కంటే పాతిక శాతం ఎక్కువ ఒత్తిడిలో పరీక్షకు నిలవాలి. చిమ్మచీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైము కనబడాలి. మామూలు వాచీల మీద కూడా 30 మీటర్లు అని రాస్తారు. దానర్థం నాలుగు చినుకులు పడినా కంగారుపడొద్దని మాత్రమే, 30 మీటర్లు మునగమని కాదు. ఎన్నికల ప్రణాళికలు చదివే అలవాటున్నవాళ్లకు ఈ తేడా నేను విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక సైజు. ఇక్కడ మా బావమరిదిని ప్రవేశపెట్టక తప్పదు. సాగర్ రోడ్డులో ప్లాట్లు అమ్ముతాడు. అతని వాచీ 46 మిల్లీమీటర్లు. అతను వాచీ కట్టుకున్నాడనడం కన్నా వాచీకి కట్టుబడి ఉన్నాడనడం సబబు. చొక్కా కఫ్ దాని మీదుగా ఎక్కదు కాబట్టి ఆ చేతికి బొత్తాం పెట్టడు. చేయి కలిపినప్పుడు అవతలివాడికి కనబడాలని కుడిచేతికి కడతాడు. దాని ఫలితం పెళ్లి భోజనాల దగ్గర చూడాలి. ఆ వాచీ పప్పుచారులో చేసినంత డైవింగ్ నా వాచీ నీళ్లలో ఇంతవరకు చేయలేదు.

నాది 39 మిల్లీమీటర్లు. మొదటిసారి చూసినప్పుడు, "బావా, ఇది అక్క వాచీనా?" అన్నాడు. అజ్ఞానం. పెద్దదైతేనే లోతుకు పోతుందన్న నమ్మకం ఈమధ్య పుట్టింది. రోలెక్స్ సబ్‌మెరైనర్ 1953లో పుట్టినప్పుడు సుమారు 38 మిల్లీమీటర్లు. 1965లో సీకో చేసిన తొలి డైవింగ్ వాచీ కూడా దాదాపు అంతే, 150 మీటర్లు దిగేది. బండ వాచీల మోజు 2000 తర్వాత ముదిరింది. అది ముదిరి ముదిరి 2022లో రోలెక్స్ 50 మిల్లీమీటర్ల వెడల్పుతో 11,000 మీటర్ల వాచీని అమ్మకానికి పెట్టేదాకా వచ్చింది. సముద్రం అంతకంటే లోతు లేదు కాబట్టి అక్కడ ఆగారు.

నీటి ఒత్తిడి లెక్క కూడా చిన్నవాడి పక్షమే. 200 మీటర్ల లోతున నీళ్లు పైనుండే గాలికి సుమారు ఇరవై రెట్ల బరువుతో అద్దాన్ని నొక్కుతాయి. అద్దం ఎంత విశాలమైతే అంత బరువు మోయాలి. 39తో పోలిస్తే 46 మిల్లీమీటర్ల వాచీ వైశాల్యం దాదాపు 40 శాతం ఎక్కువ. ఆ బరువు ఆపడానికి మందం పెంచాలి, మందం పెరిగితే మణికట్టు మీద అప్పడాల పీట ఎక్కినట్టుంటుంది. అసలు చూడాల్సింది పట్టీ బిగించే కొమ్ముల మధ్య దూరం. ఆ కొమ్ములు మణికట్టు దాటి బయటికి వేలాడితే, వాచీని మనం మోస్తున్నట్టు కాదు, గోడకు గడియారం తగిలించినట్టు. నా మణికట్టు చుట్టుకొలత 16 సెంటీమీటర్లు. మా వంశంలో అందరివీ అంతే. కొలిచాను. దీపావళికి అందరూ కలిసినప్పుడు టేపు పట్టుకుని తిరిగినందుకు మా పెదనాన్న ఇంకా మాట్లాడటం లేదు.

అన్నట్టు, సబ్‌మెరైనర్ పుట్టిన 1953లోనే బ్లాంపా కంపెనీ ఫిఫ్టీ ఫాథమ్స్ అని మరో డైవింగ్ వాచీ చేసింది. ఇప్పుడు దాని ధర వింటే చెవులు గింగురుమంటాయి. ఫాథమ్ అంటే మన బార, రెండు చేతులూ చాచినంత. ఆ ఫ్రెంచి సైనిక ఈతగాళ్ల వాచీ పేరు తెలుగులో చెప్పాలంటే 'యాభై బారలు'. మా నాయన చేంతాడు కూడా బారల్లోనే కొలిచి కొనేవాడు. దానికి ఆయన ఎవరి దగ్గరా డబ్బు వసూలు చేయలేదు.

స్వతంత్రం సంగతికి వస్తాను. పెద్ద కంపెనీల నీడ లేకుండా నలుగురైదుగురు మనుషులు, ఒక్కోసారి ఒక్కడే, నమూనా గీసి, తొలివిడత కొన్ని వందల వాచీలు చేసి అమ్ముకుంటారు. ఫ్రాన్సులో బాల్టిక్ ఉంది, న్యూయార్కులో భార్యాభర్తలు నడిపే లోరియర్ ఉంది, కెనడాలోని వాంకూవర్లో హాలియోస్ ఉంది. బాల్టిక్ వారి తొలి ఆక్వాస్కాఫ్, లోరియర్ వారి నెప్ట్యూన్ రెండూ 39 మిల్లీమీటర్లే, రెండూ 200 మీటర్లే. నాది వీటిలో ఏదీ కాదు. పేరు చెప్పను. చెప్పినా మీకు తెలియదు. తెలియకపోవడం కోసమే నేను డబ్బు కట్టింది.

ఈ ఆకర్షణ మా బావమరిదికి అర్థం కాదు. అతని వాచీని చూడగానే జనం కంపెనీ పేరు చెప్పేస్తారు. సంభాషణ అక్కడితో సరి. నా వాచీని ఎవరూ గుర్తుపట్టరు. నేనే చెయ్యి ముందుకు చాపి, "ఇదేమిటని అడగరే?" అని ప్రారంభించి, నీలమణి అద్దం గురించి, చీకట్లో మెరిసే పూత గురించి నలభై నిమిషాలు మాట్లాడాలి. పెళ్లిళ్లలో నా బల్ల దగ్గర ఇప్పుడు ఎప్పుడూ చోటు దొరుకుతుంది.

ధర 48,000 రూపాయలు, కస్టమ్స్ సుంకంతో కలిపి. మా స్వతంత్రుల ధరావతుతో పోలిక ఉందన్నది ఇందుకే. రెండూ తిరిగి రావు. మా ఆవిడ బిల్లు చూసి కేకలు వేయలేదు. "ఆ డబ్బుకి 5 హెచ్.పి. మోటారు వచ్చేది కదా. అదీ నీళ్లలోనే మునుగుతుంది, పైగా నీళ్లు పైకి తెస్తుంది" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. దీనికి ఐ.ఎస్.ఓ. 6425లో సమాధానం వెతికాను. లేదు.

వాచీ చుట్టూ తిరిగే చక్రం ఒకటుంది, బెజెల్ అంటారు. నీళ్లలోకి దిగేటప్పుడు దాని గుర్తును నిమిషాల ముల్లు దగ్గర పెడితే ఎంతసేపైందో తెలుస్తుంది. అది ఎడమవైపుకే తిరుగుతుంది. పొరపాటున దేనికైనా తగిలి కదిలినా, గడిచిన సమయం ఎక్కువగా చూపిస్తుందే గాని తక్కువగా చూపించదు. డైవరు తొందరపడి పైకి వస్తాడు, బతుకుతాడు. తప్పు చేసినా మనిషికి మేలు జరిగే వైపే తప్పు చేసే యంత్రం ఇది. దీన్ని ఏ ప్రభుత్వ కార్యాలయంలోనైనా బిగించగలమా అని కొన్నాళ్లు ఆలోచించాను. ప్రస్తుతానికి కుక్కర్ విజిళ్లకూ, పది నిమిషాల్లో వస్తానన్న నాయకుడి కోసం జనం ఎండలో నిలబడిన కాలానికీ వాడుతున్నాను. రెండో పనికి బెజెల్ చాలదు, దాని మీద 60 నిమిషాలే ఉంటాయి.

గత చైత్రంలో వాచీ రోజుకు ఆరేడు నిమిషాలు ముందుకు పరుగెత్తడం మొదలెట్టింది. తప్పు నాదే. పక్కింటి పెళ్లిలో డీజే స్పీకరు మీద, అంటే పెద్ద అయస్కాంతం మీద, పెట్టి మరిచిపోయాను. గడియారం సెంటరుకు దగ్గర సందులో ఒక పెద్దాయన ఉన్నాడు. టేబుల్ ఫ్యాన్ గాలి తన వైపు రాకుండా తిప్పి పెట్టుకుని, కంటికి భూతద్దం బిగించి, ముందు మూత విప్పాడు. మూత చుట్టూ ఉన్న రబ్బరు వాషరును పట్టకారుతో ఎత్తి కాగితం మీద పెట్టాడు. చాలాసేపు చూశాడు.

"సార్, లోపల సిటిజన్ వాళ్ల మిషన్ ఉంది."

"మియోటా అంటారు. జపాన్‌ది" అన్నాను, కొంచెం గర్వంగా.

"అదే. సిటిజన్‌దే. మీ నాయన జనతా వాచీ నా దగ్గరికే వచ్చేది. ఎంత ఉంటుంది అది? 35 ఉంటుంది. ఇంకా చిన్నది."

జనతా వాచీ చేసిన ప్రభుత్వ సంస్థ హెచ్.ఎం.టి. 1961లో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది ఆ సిటిజన్ సహకారంతోనే. 2016లో ఆ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. అంటే నేను ఎన్నో రాత్రులు మేలుకొని, ఖండాంతరాలు గాలించి, సుంకం కట్టి సాధించిన స్వాతంత్ర్యం, మా నాయన తాళం తిప్పి కట్టుకున్న ప్రభుత్వ వాచీ ఒకే గురువు దగ్గర చదువుకున్నాయి. ఆయన రాత్రి కరెంటు రోజుల్లో మోటారు వేయడానికి పొలం వెళ్లి, టార్చిలైటు నోట కరుచుకుని ఆ వాచీలో టైము చూసేవాడు. చీకట్లో మెరిసే పూత నిజంగా అవసరమైన మనిషి మా ఇంట్లో ఆయనొక్కడే.

పెద్దాయన వాచీని ఒక చిన్న డబ్బా మీద పెట్టి మీట నొక్కి తీశాడు. అయస్కాంతం వదిలింది. అతుక్కుపోయిన స్ప్రింగు చుట్లు విడిపోయాయి. వంద రూపాయలు తీసుకున్నాడు. మూత బిగించి ఇస్తూ, "ఒక్క మాట సార్. ఒకసారి విప్పాను కదా, ఒత్తిడి పరీక్ష చేసే మిషన్ ఇక్కడ లేదు, హైదరాబాద్ పంపాలి. అప్పటిదాకా నీళ్లు తగలనీయకండి. చేతులు కడిగేటప్పుడు తీసి జేబులో పెట్టుకోండి" అన్నాడు.

హైదరాబాద్ ఇంకా పంపలేదు. పంపితే పది రోజులు చేతికి ఉండదు.

పోయిన నెల దేవరకొండ వైపు మా మామ బత్తాయి తోటలో కొత్త బోరు వేశారు. పాయింటు చూసిన మనిషి అరచేతిలో కొబ్బరికాయ నిటారుగా లేచి నిలబడింది, కాబట్టి ఎవరికీ అనుమానం లేదు. సాయంత్రం బోరు బండి వచ్చింది. నేను బెజెల్ తిప్పి ఒక్కో రాడ్డుకూ టైము పట్టాను. ఇరవై అడుగుల రాడ్డు, తొమ్మిది నిమిషాలు. ఆ వాచీకి దొరికిన మొదటి అసలైన పని అది. అర్ధరాత్రి దాటాక 33వ రాడ్డు దిగుతోంది. కంప్రెసర్ హోరులో బావమరిది నా చెవి దగ్గరికి వచ్చి అరిచాడు.

"బావా, నీ వాచీ ఎన్ని అడుగుల దాకా పనిచేస్తుంది?"

"656."

బండి మేస్త్రీని అడిగి వచ్చాడు. "ఇప్పుడు 650 అయింది. నీ వాచీ పరువు కోసం ఇంకో ఆరడుగులు దించమననా?"

దించమన్నాను. అడుగు లెక్కన డబ్బు కట్టేది మామ కాబట్టి నాకు సంకోచం కలగలేదు. రాడ్డు పూర్తయ్యేదాకా దించారు. పైకి తెల్లటి రాతి దుమ్ము తప్ప తేమ కూడా రాలేదు. ఇంజను ఆపాక అందరం సున్నం పూసిన బొమ్మల్లా నిలబడ్డాం. మామ ఏమీ అనకుండా మంచం మీదికి వెళ్లి పడుకున్నాడు.

బావమరిది కారులోంచి నీళ్ల సీసా తెచ్చి సగం తన 46 మిల్లీమీటర్ల మీద కుమ్మరించి శుభ్రంగా కడుక్కున్నాడు. దాని వెనక 30 మీటర్లు అని ఉంటుంది. మిగిలిన సగం నా వైపు చాపాడు.

వద్దన్నాను. భుజం మీది తువ్వాలు తీసి, పొడి అంచు వెతికి, నా వాచీని మెల్లగా తుడుచుకున్నాను.