పాస్‌పోర్టు అడిగే ముందు పిలుపు ఉండాలి

2025 నవంబర్ 18న ఢాకాలో బంగ్లాదేశ్ మన ఫుట్‌బాల్ జట్టును 1-0తో ఓడించింది. మన మీద వాళ్లు గెలవడం 2003 తర్వాత అదే మొదటిసారి. ఆసియా కప్ అర్హత ఆశలు అప్పటికే రెండు జట్లకూ పోయాయి కాబట్టి పాయింట్ల పట్టికలో ఆ ఫలితానికి పెద్ద విలువ లేదు. చర్చంతా ఇద్దరు ఆటగాళ్ల గురించే జరిగింది. ఒకరు హంజా చౌదరి. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో పుట్టి, లెస్టర్ సిటీలో ఆట నేర్చుకుని, ఇంగ్లండ్ అండర్-21 జట్టుకు ఆడి, చివరికి తల్లి తరఫు దేశమైన బంగ్లాదేశ్‌ను ఎంచుకున్నాడు. రెండోవాడు ర్యాన్ విలియమ్స్. పుట్టింది ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో. తల్లిది ముంబై ఆంగ్లో ఇండియన్ కుటుంబం, తాత 1950ల్లో సంతోష్ ట్రోఫీలో బొంబాయికి ఆడాడు. ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదులుకుని మన పాస్‌పోర్టు తీసుకున్నాడు. ఢాకాలో హంజా ఆడాడు. విలియమ్స్ మాత్రం కాగితాల పని పూర్తికాక బరిలోకి దిగలేకపోయాడు.

హంజా బంగ్లాదేశ్ పాస్‌పోర్టు తీసుకున్నా అతని బ్రిటిష్ పాస్‌పోర్టు అతని దగ్గరే ఉంది. విలియమ్స్‌కు ఆ వెసులుబాటు లేదు. మన చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లే జాతీయ జట్లకు ఆడాలని కేంద్ర క్రీడా శాఖ 2008లోనే తేల్చి చెప్పింది. అందుకే మన జట్టు ఓడిన ప్రతిసారీ ఒకటే గోల: విదేశాల్లోని భారతీయ సంతతి ఆటగాళ్లకు తలుపులు తెరవండి అని కొందరు, పాస్‌పోర్టు కూడా వదులుకోలేనివాడికి దేశభక్తి ఎక్కడిదని మరికొందరు.

ఈ రెండో వాదనతో మేము ఏకీభవించం. రెండు దేశాల రక్తసంబంధం ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడిని దేశభక్తి పరీక్షకు నిలబెట్టడం ఎక్కడా మంచి ఫలితం ఇవ్వలేదు. 2018 ప్రపంచకప్‌లో జర్మనీ తొలి రౌండ్‌లోనే ఇంటికి వచ్చేసినప్పుడు నింద ఎక్కువగా పడింది టర్కీ మూలాలున్న మెసూట్ ఓజిల్ మీదే. టోర్నీకి ముందు టర్కీ అధ్యక్షుడు ఎర్డోగన్‌తో దిగిన ఫొటో అందుకు సాకయింది. గెలిస్తే నేను జర్మన్‌ని, ఓడితే వలసదారుణ్ని అని రాసి అతను జట్టు నుంచి తప్పుకున్నాడు. నాలుగేళ్ల ముందు అదే జర్మనీకి ప్రపంచకప్ తెచ్చిన జట్టులో ఓజిల్ కీలక ఆటగాడు. బ్రెజిల్‌లో పుట్టి, ఆ దేశానికి రెండు ఫ్రెండ్లీ మ్యాచ్‌లు (ఏ టోర్నీలోనూ భాగం కానివి) ఆడాక స్పెయిన్‌కు మారిన డియెగో కోస్టాను 2014 ప్రపంచకప్‌లో బ్రెజిల్ ప్రేక్షకులు బంతి తాకిన ప్రతిసారీ గేలి చేశారు. డెక్లాన్ రైస్ ఐర్లాండ్‌కు మూడు ఫ్రెండ్లీలు ఆడి ఇంగ్లండ్‌కు మారాడు. జాక్ గ్రీలిష్ ఐర్లాండ్ అండర్-21 జట్టు నుంచి ఇంగ్లండ్‌కు వెళ్లాడు. 2024 సెప్టెంబరులో డబ్లిన్‌లో ఐర్లాండ్, ఇంగ్లండ్ తలపడినప్పుడు అక్కడి ప్రేక్షకులు మ్యాచంతా ఈ ఇద్దరినీ తిడుతూనే ఉన్నారు. ఆ రోజు ఇంగ్లండ్ 2-0తో గెలిచింది. ఆ రెండు గోల్స్ కొట్టింది ఆ ఇద్దరే. తిట్లతో ఎవరూ ఆటగాణ్ని వెనక్కి తెచ్చుకోలేరు.

మరి ఎలా తెచ్చుకుంటారు? మొరాకోను చూడాలి.

2022 ఖతర్ ప్రపంచకప్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆఫ్రికా జట్టు మొరాకో. 26 మంది ఆటగాళ్లలో 14 మంది ఆ దేశం బయట పుట్టినవాళ్లే. కోచ్ వాలిద్ రెగ్రాగి కూడా ఫ్రాన్స్‌లో పుట్టినవాడే. స్పెయిన్‌తో పెనాల్టీ షూటౌట్‌లో ఆఖరి షాట్‌ను తాపీగా గోల్‌పోస్టు మధ్యలోకి లేపి స్పెయిన్‌ను ఇంటికి పంపిన అష్రఫ్ హకీమి మాడ్రిడ్‌లో పుట్టి, రియల్ మాడ్రిడ్ అకాడమీలో పెరిగాడు. స్పెయిన్ వాళ్లు అతణ్ని పిలవలేదని కాదు. వెళ్లి చూశాను, అక్కడ సొంతింట్లో ఉన్నట్టు అనిపించలేదు అని అతనే తర్వాత చెప్పాడు. హకీమ్ జియెక్ పుట్టింది నెదర్లాండ్స్‌లో. అక్కడి యువ జట్లకు ఆడి, 2015లో మొరాకోను ఎంచుకున్నాడు. అది తెలివితక్కువ నిర్ణయమని డచ్ దిగ్గజం మార్కో వాన్ బాస్టెన్ ఎద్దేవా చేశాడు. ఏడేళ్లకు జియెక్ ప్రపంచకప్ సెమీస్ ఆడాడు. బ్రాహిమ్ డియాజ్ స్పెయిన్‌కు ఒక ఫ్రెండ్లీ ఆడి కూడా 2024లో మొరాకో వైపు వచ్చేశాడు. అలాగని అందరూ వస్తారని కాదు. తండ్రి మొరాకో వాడైన లమీన్ యమాల్ 2023లో స్పెయిన్‌నే ఎంచుకున్నాడు. ఎంచుకునే హక్కు అతనిదే. మొరాకో ఆ దెబ్బకు ఏమీ కూలిపోలేదు.

ఎందుకు కూలిపోలేదో మన వాళ్లు పట్టించుకోవడం లేదు. అదే ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో పోర్చుగల్‌ను ఓడించిన ఏకైక గోల్ కొట్టింది యూసెఫ్ ఎన్-నెసిరి. మిడ్‌ఫీల్డ్‌లో ఆకట్టుకున్నవాడు అజెదిన్ ఉనాహి. ఈ ఇద్దరూ మొరాకోలోనే పుట్టి, రాబాత్ పక్కనే సలేలో ఉన్న మహమ్మద్-6 అకాడమీలో తయారైనవాళ్లు. ఒకవైపు సొంతగడ్డ మీద అకాడమీ కట్టుకుంటూనే, ఇంకోవైపు యూరప్‌లోని తమ పిల్లలను చిన్న వయసులోనే వెతికి పట్టుకుని, తల్లిదండ్రులతో మాట్లాడి, జూనియర్ జట్ల నుంచే కలుపుకొంటూ వచ్చింది మొరాకో సమాఖ్య. పిలిచే నాటికి జట్టులో స్థాయి ఉంది, డ్రెస్సింగ్ రూమ్‌లో తనలాంటివాళ్లు పదిమంది ఉన్నారు. అప్పుడు ఆ కుర్రాడు చేసేది త్యాగం కాదు, లాభసాటి ఎంపిక. ఇలా అంటే కొందరికి రుచించకపోవచ్చు కానీ, ఫుట్‌బాల్‌లో ఒక కెరీర్ పదిహేనేళ్లే.

ఆ పదిహేనేళ్లలో ఒక్క తప్పటడుగు ఎంత ఖరీదో మునీర్ ఎల్ హద్దాదిని అడగాలి. 2014లో పందొమ్మిదేళ్ల వయసులో స్పెయిన్ తరఫున ఒక క్వాలిఫయర్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగి పదమూడు నిమిషాలు ఆడాడు. ఆ తర్వాత స్పెయిన్ అతణ్ని మళ్లీ ఆడించలేదు. మొరాకోకు ఆడతానంటే ఆ పదమూడు నిమిషాలే అడ్డొచ్చాయి. క్రీడా వివాదాల కోర్టు కూడా 2018లో కుదరదంది. 2020లో ఫిఫా నిబంధన సడలించాకే అతనికి దారి దొరికింది. ఇప్పుడు, 21 ఏళ్లు నిండేలోపు సీనియర్ జట్టుకు మూడుకు మించకుండా మ్యాచ్‌లు ఆడి, వాటిలో ప్రపంచకప్ లేదా ఖండ స్థాయి ప్రధాన టోర్నీ మ్యాచ్ లేకుండా, మూడేళ్లు గడిస్తే మారవచ్చు. మంచి సవరణే. కుర్రాళ్లు చిన్న దేశాల వైపు వెళ్లకుండా పెద్ద జట్లు వాళ్లను ఒక్క మ్యాచ్‌తో కట్టిపడేసే ఆట దీనితో కొంత తగ్గింది.

తలుపులు బార్లా తెరిస్తే ఏమవుతుందో కూడా ఆసియాలోనే చూశాం. 2025 సెప్టెంబరులో మలేసియా జట్టుకు ఆడిన ఏడుగురు విదేశీ సంతతి ఆటగాళ్లను ఫిఫా సస్పెండ్ చేసింది. తాతలు, నానమ్మలు, అమ్మమ్మలు మలేసియాలో పుట్టారని సమర్పించిన పత్రాలు దొంగవని తేల్చింది. ఆ పెద్దలు నిజంగా పుట్టింది అర్జెంటీనా, బ్రెజిల్, స్పెయిన్, నెదర్లాండ్స్‌లో. గెలవాలన్న ఆత్రం ఎక్కువై, లేని తాతలను పుట్టిస్తే ఇదే జరుగుతుంది.

ఇక మన సంగతి. విదేశీ పౌరులైన భారతీయ సంతతికి ఇచ్చే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డున్న వాళ్లను ఆడనిస్తే చాలు, 2008 నాటి క్రీడా శాఖ నిబంధన ఎత్తేస్తే చాలు అన్నట్టు మాట్లాడుతున్నారు. అది సరికాదు. ఫిఫా అడిగేది పౌరసత్వం. ఓసీఐ అంటే పేరులో పౌరసత్వం ఉన్నా నిజానికి అది జీవితకాల వీసా లాంటిదే, ఓటు హక్కు కూడా ఉండదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టిన పిల్లలకు ఆ కార్డు తీయించిన తెలుగు కుటుంబాలకు ఇది బాగా తెలుసు. కాబట్టి క్రీడా శాఖ ఉత్తర్వు మార్చినంత మాత్రాన ఒక్క ఆటగాడు కూడా రాడు. మార్చాల్సింది పౌరసత్వ చట్టం. క్రికెట్ దేశంలో ఫుట్‌బాల్ కోసం పార్లమెంటు ద్వంద్వ పౌరసత్వం ఇస్తుందని మేమైతే అనుకోవడం లేదు, ఇవ్వాలని కోరడం లేదు కూడా. అది ఆటలకు మించిన విషయం.

కానీ దానికన్నా చిన్న అడ్డంకి ఒకటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం ఓసీఐ కార్డుదారు భారత పౌరసత్వం కోరాలంటే కార్డు తీసుకుని అయిదేళ్లు కావాలి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడే నివసించి ఉండాలి. యూరప్ క్లబ్బులో ఆడుతున్న ఇరవై రెండేళ్ల కుర్రాడు, పాస్‌పోర్టు వదులుకోవడానికి సిద్ధపడినా సరే, ఏడాదిపాటు ఆట మానేసి ఇక్కడ కూర్చోలేడు. అందుకే మనకు వచ్చేవాళ్లు ఇక్కడి లీగ్‌లో ఆడుతూ ఇక్కడే ఉంటున్నవాళ్లు. జపాన్‌లో పుట్టిన ఇజూమి అరాటా జపాన్ పౌరసత్వం వదులుకుని 2013లో మన జట్టుకు ఆడే నాటికి వయసు ముప్పై. విలియమ్స్ మన పాస్‌పోర్టు అందుకున్నది ముప్పై రెండేళ్లకు. ఇద్దరి నిబద్ధతకూ నమస్కారం. అయితే ఆటగాడి మంచి వయసు అయిపోయాక మాత్రమే తెరుచుకునే ద్వారం ఇది.

అదే చట్టంలోని ఆరో సెక్షన్ సైన్సు, తత్వశాస్త్రం, కళ, సాహిత్యం, ప్రపంచ శాంతి లేదా మానవ ప్రగతికి విశిష్ట సేవ చేసినవారి విషయంలో షరతులను కొన్నిగానీ అన్నీగానీ సడలించే వీలు కేంద్రానికి ఇస్తోంది. ఆ జాబితాలో క్రీడల ప్రస్తావన లేదు. 1955లో తట్టకపోవచ్చు, ఇప్పుడు చేర్చడానికి అభ్యంతరమేమిటి? జాతీయ సమాఖ్య సిఫారసు చేసిన ఆటగాడికి నివాస గడువు సడలిస్తే చాలు. పాస్‌పోర్టు ఒకటే ఉండాలన్న నియమం చెక్కుచెదరదు.

ఇంత చేసినా ఎవరైనా వస్తారా అంటే, అది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యను అడగాల్సిన ప్రశ్న. మన ప్రధాన లీగ్ అయిన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) 2025-26 సీజన్ వేళకు మొదలు కానేలేదు. మన జట్టు ఫిఫా ర్యాంకు 140 దాటి కిందికి జారింది. రిటైరైన సునీల్ ఛెత్రీని నలభై ఏళ్ల వయసులో మళ్లీ పిలిపించుకున్నారు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ లాంటి కోచ్‌ను దేశానికిచ్చిన హైదరాబాద్ పరిస్థితి ఇంకా ఘోరం. ఆయన శిక్షణలో భారత్ 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. అలాంటి నగరానికి మిగిలిన ఏకైక ఐఎస్‌ఎల్ క్లబ్బు, 2022లో ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఇల్లు ఇలా ఉంచుకుని చుట్టాన్ని రమ్మంటున్నాం.

తెలుగు మూలాలున్న ఒక ఆటగాడు ప్రపంచకప్ ఆడాడని మనలో ఎందరికి తెలుసు? వికాష్ ధోరాసూ. కుటుంబం మారిషస్ తెలుగువారిది. ఒకప్పుడు కోరంగి రేవు నుంచి ఓడలెక్కి చెరకు తోటలకు వెళ్లిన కూలీల వారసులను అక్కడ కోరంగీలనే పిలిచేవారు. ధోరాసూ ఫ్రాన్స్‌లో పుట్టి పెరిగాడు, 2006 ప్రపంచకప్‌లో ఫ్రాన్స్ తరఫున సబ్‌స్టిట్యూట్‌గా రెండు మ్యాచ్‌ల్లో దిగాడు. అతణ్ని మనం పోగొట్టుకున్నామని బాధపడటం అర్థంలేని పని, అతను ఎప్పుడూ మనవాడు కాదు, ఫ్రాన్స్ వాడే. కానీ ఇప్పుడు లండన్‌లో, టొరంటోలో, మెల్‌బోర్న్‌లో పన్నెండు, పదమూడేళ్ల భారతీయ పిల్లలు క్లబ్ అకాడమీల్లో ఆడుతున్నారు. పద్దెనిమిదేళ్లకు వాళ్లు ఏ జట్టు పేరు చెబుతారన్నది ఈ అయిదారేళ్లలో ఎవరు ఫోన్ చేశారు, ఎవరు శిబిరానికి పిలిచారు అన్నదాని మీద ఆధారపడుతుంది. సమాఖ్య ఇవాళ మొదలుపెట్టాల్సిన పని ఆ పిల్లల జాబితా తయారుచేయడం. ముప్పై దాటినవాళ్ల జాబితా ఇప్పటికే చాలా పొడుగ్గా ఉంది.