నాలుగు చక్రాల కోసం వదినా మరుదుల పేచీ

మంచు పడే చోట ఉంటున్న ఒక ఇంట్లో జరిగిన వాదన ఇది. మరిది ఈమధ్యే ఓ చిన్న కారు కొన్నాడు. దానికి 16 అంగుళాల మెరిసే అల్లాయ్ చక్రాలు, వాటి మీద వేసవి టైర్లు. రాత్రిళ్లు చలి సున్నా డిగ్రీల దాకా దిగుతోంది కాబట్టి టైర్లు మార్చాలన్న దగ్గర ఇద్దరికీ తేడా లేదు. ఏవి కొనాలి, వేటి మీద ఎక్కించాలి అన్న దగ్గరే తగువంతా. వదిన ఏడు చలికాలాలుగా మంచులో బండి నడుపుతోంది. మరిది ఏడు రోజులుగా టైర్ల గురించి చదువుతున్నాడు. మధ్యలో కూర్చుని విన్నది నేను. తీర్పు చెప్పమంటే చెప్పను గానీ, నా మొగ్గు ఎటో మీకు తెలిసిపోతుంది లెండి.

మరిది: లెక్క తేల్చేశాను వదినా. నాలుగు ఆల్ సీజన్ టైర్లు తీసుకుని ఉన్న అల్లాయ్ చక్రాలకే ఎక్కించేస్తా. ఏడాది పొడుగునా అవే. మార్చే పనీ లేదు, దాచే పనీ లేదు.

వదిన: ఏ ఎండకా గొడుగు పట్టే టైరన్నమాట.

మరిది: వెటకారం తర్వాత చేద్దురుగానీ, తప్పేంటో చెప్పండి ముందు.

వదిన: తప్పని కాదు. రెండు పడవల మీద కాళ్లు పెడితే రెండిట్లోనూ సగం సగమే నిలబడతావు. పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుంది చూడు, అది ఓ రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి పొద్దున్నే కాగితం మీద రుద్దు. చెరపదు, జారిపోతుంది. చలి 7 డిగ్రీల కంటే కిందికి దిగేకొద్దీ వేసవి టైరు పరిస్థితి అదే. చలికాలపు టైరులో సిలికా, సహజ రబ్బరు పాళ్లు మార్చి కలుపుతారు కాబట్టి గడ్డకట్టే చలిలోనూ మెత్తగా ఉంటుంది. పైగా రోడ్డుని తాకే దాని గడుల నిండా కత్తితో గీసినట్టు సన్నటి గాట్లుంటాయి. బండి కదిలేటప్పుడు అవి తెరుచుకుని మంచుని కరుచుకుంటాయి. టైరులో ఇరుక్కున్న మంచు కింది మంచుని పట్టుకుంటుంది. మంచుకి మంచే బాగా అంటుకుంటుంది మరి.

మరిది: ఆ గాట్లు ఆల్ సీజన్ టైర్లకీ ఉన్నాయి. నేను చూసినవాటి పక్కన ఎం ప్లస్ ఎస్ అని కూడా రాసుంది. మడ్ అండ్ స్నో!

వదిన: ఆ అక్షరాలు చూసి మోసపోకు. గడుల తీరుని బట్టి కంపెనీ తనంతట తాను వేసుకునే ముద్ర అది. దానికి మంచు మీద పరీక్షంటూ ఏమీ ఉండదు. మూడు శిఖరాల కొండ బొమ్మ, దాని లోపల మంచు రేకు ఉందా లేదా అని చూడాలి. మంచు మీద పరీక్షించి, ఒక ప్రమాణ టైరుతో పోల్చాకే ఆ బొమ్మ వేయాలి.

మరిది: అదీ ఉంది! ఫోటో తీసుకొచ్చాను, చూడండి.

(వదిన ఫోన్ తీసుకుని ఫోటో పెద్దది చేసి చూసింది. కొండ ఉంది, రేకూ ఉంది. మొదటి దెబ్బ మరిదిదే.)

వదిన: సరే, మంచి టైరే ఎంచావు. అయినా ఆ బొమ్మ ఉందంటే పాసైందని అర్థం, అంతే. ఎన్ని మార్కులొచ్చాయో ఆ బొమ్మ చెప్పదు.

మరిది: పాస్ మార్కులు నాకు చాలు వదినా. చలికాలపు టైరు ఎప్పుడు పుట్టింది? 1934లో ఫిన్లాండ్‌లో, అదీ లారీల కోసం. మంచు తీసే నాథుడు లేని రోడ్ల మీద సరుకు చేరాలి కాబట్టి. కార్లకి ఆ తర్వాత రెండేళ్లకి వచ్చింది. ఇప్పుడలా కాదే! తెల్లారేసరికి మంచు ఊడ్చేస్తున్నారు, ఉప్పు చల్లుతున్నారు. చలికాలం మొత్తంలో సగం రోజులు రోడ్డు తడిగానో పొడిగానో ఉంటుంది, ఎండ కాస్తే 10 డిగ్రీలు కూడా ఉంటుంది. అలాంటప్పుడు మీ మెత్తటి టైరు బ్రేక్ వేస్తే ఇంకా ముందుకెళ్లి ఆగుతుంది, త్వరగా అరుగుతుంది. కాదనండి చూద్దాం.

వదిన: కాదనను. నువ్వు ఎప్పుడూ ఊళ్లోనే, అదీ బారెడు పొద్దెక్కాక బండి తీసేవాడివైతే నేనే ఆల్ సీజన్ కొనుక్కోమనేదాన్ని. నీ డ్యూటీ ఎన్నింటికి?

మరిది: ఆరింటికి.

వదిన: దారి?

మరిది: ...కొండ మీదుగా.

వదిన: ఉప్పు చల్లే బండి నీకంటే ముందే ఆ కొండెక్కాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. నెలలో ఇరవై తొమ్మిది రోజులు నీ టైరు సరిపోతుంది. ఆ ముప్పయ్యో రోజు వంపులో బ్రేక్ తొక్కుతావు చూడు, టైరు కొనేది ఆ రోజు కోసం.

(ఇక్కడ మరిది బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీ అని ఏదో మొదలుపెట్టాడు. అవి ఉన్న పట్టుని సరిగ్గా పంచుతాయి గానీ లేని పట్టుని పుట్టించలేవని వదిన ఒక్క ముక్కలో తేల్చేసింది. అరచేయంత జాగా మీద రబ్బరు రోడ్డుని పట్టుకోకపోతే కంప్యూటర్ మాత్రం ఏం చేస్తుంది? నాకూ సబబుగానే తోచింది.)

మరిది: పోనీ, చలికాలపు టైర్లే అనుకుందాం. ముందు చక్రాలకి రెండు వేస్తే చాలదా? ఇంజన్ తిప్పేది ముందు చక్రాలనేగా.

వదిన: ఆ మాట ఇంకోసారి అనకు. ముందు పట్టు, వెనక జారుడు. వంపులో ముందు భాగం నువ్వు తిప్పినట్టు తిరుగుతుంది, వెనక భాగం నిన్ను దాటుకుని ముందుకొస్తుంది. వేస్తే నాలుగూ వేయాలి.

మరిది: సరే, నాలుగూ. కానీ నా అల్లాయ్ చక్రాల మీదే. వేరే చక్రాలు ఎందుకు కొనాలి? డబ్బు దండగ.

వదిన: ఏడాదికి రెండుసార్లు టైరుని రిమ్ము నుంచి ఊడదీసి ఇంకోటి ఎక్కించి బ్యాలెన్సింగ్ చేయిస్తావు. ప్రతిసారీ కూలి. ప్రతిసారీ టైరు అంచుని ఇనపకమ్మీతో సాగదీయడం. అదే వేరే చక్రాలుంటే ఒక్కో చక్రానికి నాలుగు బోల్టులు విప్పి నాలుగు బోల్టులు బిగించడమే. మూడేళ్లయ్యేసరికి చక్రాల ఖర్చులో చాలా భాగం ఆ కూలి మిగులులోనే పూడిపోతుంది. ఇక ఉప్పు సంగతి. నీ అల్లాయ్ చక్రాల అంచు చూశావా? చెక్కి మెరుగుపెట్టిన ముఖం, పైన పల్చటి లక్క పొర. ఓ రాయి తగిలి ఆ పొర మీద సన్నటి గాటు పడిందంటే ఉప్పునీళ్లు దాని కిందికి పాకుతాయి. వసంతం వచ్చేసరికి తెల్లటి పురుగు పాకినట్టు చారలు తేలతాయి. స్టీల్ చక్రమైతే తుప్పు పడితే పట్టనీ, గీకి రంగేస్తాం. అంచుకి దెబ్బ తగిలితే అల్లాయ్ పగిలే చోట స్టీల్ వంగి ఊరుకుంటుంది.

మరిది: చూడ్డానికి మాత్రం ఇనపగిన్నెలు బోర్లించినట్టుంటాయి.

వదిన: నాలుగు నెలలు బురద పూసుకుని తిరిగే కారుకి సోకేంటి నాయనా! అంతగా మనసొప్పకపోతే ప్లాస్టిక్ మూతలు తొడుక్కో.

(మరిది ముఖం మాడ్చుకున్నాడు. ఆ అల్లాయ్ చక్రాలు చూసే ఈ కారు కొన్నాడని ఇంట్లో అందరికీ తెలుసు.)

మరిది: సరే, స్టీల్ కొన్నా 16 అంగుళాలవే కొంటా. మీరు 15 అంటున్నారని అన్నయ్య చెప్పాడు. ఉన్న సైజు తగ్గించడమేంటి? స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది.

వదిన: లెక్క తేల్చేశానన్నావుగా, ఇదీ తేల్చు. ఇప్పుడున్న టైరు మీద ఏం రాసుంది?

మరిది: 195/55 ఆర్16.

వదిన: వెడల్పు 195 మిల్లీమీటర్లు. పక్కగోడ ఎత్తు అందులో 55 శాతం. రిమ్ము 16 అంగుళాలు. కొట్టు.

మరిది: (ఫోన్‌లో లెక్క వేస్తూ) గోడ 107.25... పైనా కిందా కలిపి 214.5... రిమ్ము 406.4... మొత్తం 620.9 మిల్లీమీటర్లు.

వదిన: ఇప్పుడు 185/65 ఆర్15 కొట్టు.

మరిది: గోడ 120.25, రెండు వైపులా 240.5... రిమ్ము 381... 621.5.

(కాసేపు మౌనం. మరిది ఇంకోసారి కొట్టి చూసుకున్నాడు. అదే వచ్చింది.)

వదిన: తేడా మిల్లీమీటరు కూడా లేదు. ఏ స్పీడోమీటరూ కనిపెట్టదు. ఇనుము తగ్గింది, ఆ మేరకి రబ్బరు పెరిగింది, అంతే. గోడ 13 మిల్లీమీటర్లు ఎత్తు పెరిగింది కాబట్టి మంచు కింద దాక్కున్న గుంటలో పడ్డా రిమ్ము దాకా దెబ్బ తగలదు. 15 అంగుళాల టైరు ధర కూడా మామూలుగా తక్కువే. కాకపోతే ఒక్క అంకె అటూ ఇటూ కాకుండా చూసుకో. చౌకగా వస్తోందని 185/60 తీసుకున్నావనుకో, 603కి పడిపోతుంది. దాదాపు 3 శాతం తక్కువ. అప్పుడు నువ్వన్నట్టు స్పీడోమీటర్ అబద్ధం చెబుతుంది, కారూ 9 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది.

మరిది: వెడల్పు తగ్గితే పట్టు తగ్గదా?

వదిన: పొడి రోడ్డు మీద కాస్త తగ్గుతుంది, నిజమే. కరిగీ కరగని బురద మంచులో సన్నటి టైరే దాన్ని చీల్చుకుని కింది రోడ్డుని అందుకుంటుంది. వెడల్పు టైరు దాని మీద తేలుతుంది. అయినా పది మిల్లీమీటర్ల దగ్గర పెద్ద తేడా ఏమీ కనిపించదు, దాని కోసం కొట్టుకోనక్కర్లేదు. నాకు కావాల్సింది గొలుసుకి చోటు. కొండ మీద మంచు పేరుకున్న రోజున చక్రానికి గొలుసులు చుట్టాల్సి వస్తుంది. చాలా కార్ల పుస్తకాల్లో ఫలానా సన్నటి సైజు మీదే గొలుసు వాడాలని రాసుంటుంది, నీ కారు పుస్తకం తీసి చూడు.

మరిది: అలాగైతే 14 అంగుళాలకి దిగిపోదాం! ఇంకా చౌక.

వదిన: చక్రం లోపల బ్రేక్‌ని బిగించే క్యాలిపర్ ఒప్పుకోదు. రిమ్ము లోపలి అంచు దానికి తగులుతుంది. కారు కంపెనీ ఎంతవరకు దిగమందో అంతవరకే దిగాలి.

మరిది: నా ఫ్రెండ్ దగ్గర 15 అంగుళాల స్టీల్ చక్రాలు పాతవి నాలుగున్నాయి, టైర్లతో సహా. వాడి కారుకీ నాలుగు బోల్టులే, నా కారుకీ నాలుగు బోల్టులే. తెచ్చేసుకోనా?

వదిన: నాలుగు కాళ్లున్నవన్నీ ఆవులే అంటే ఎలా? బోల్టులు నాలుగైతే చాలదు, ఆ నాలుగూ ఎంత వ్యాసం గల వలయం మీదున్నాయో చూడాలి. 4 ఇంటూ 100 అని ఉంటే నీదీ 4 ఇంటూ 100 కావాలి, 4 ఇంటూ 108 పనికిరాదు. తర్వాత ఈటీ అని ఓ అంకె ఉంటుంది. చక్రం ఎంత లోపలికి కూర్చుంటుందో అది చెబుతుంది. అది తేడా వస్తే టైరు లోపల స్ప్రింగుకో బయట మడ్‌గార్డుకో రాసుకుంటుంది. నడిమి రంధ్రం, చక్రం బిగించే హబ్బు మీద బిగువుగా కూర్చోవాలి, వదులైతే స్టీరింగ్ వణుకుతుంది. ఇవన్నీ కలిశాకే టైరు సంగతి. దాని మీద డాట్ అన్న ముద్ర దగ్గర చివరి నాలుగంకెలు చూడు. 3516 అని ఉంటే 2016లో 35వ వారం చేశారని.

మరిది: (మెల్లగా) ఇందాక 3516 అన్నారు చూడండి, దాదాపు అలాంటిదే ఉన్నట్టు గుర్తు.

వదిన: ఆ వయసుకి రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. గాడి లోతు 4 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మంచులో దాని పని అయిపోయినట్టే. చట్టం 1.6 దాకా ఒప్పుకునే చోట కూడా మంచు ఒప్పుకోదు. చక్రాలు సరిపోతే తెచ్చుకో, టైర్లు మాత్రం కొత్తవి.

మరిది: ఒకటి మాత్రం మీరు మర్చిపోయారు. గాలి చూపించే సెన్సర్లు! నా చక్రాల లోపల సెన్సర్లున్నాయి. స్టీల్ చక్రాలకి అవి లేకపోతే చలికాలమంతా డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతూనే ఉంటుంది.

(వదిన నిజంగానే మర్చిపోయింది. ఆవిడ కారు పాత రకం. ఏబీఎస్ లెక్కని బట్టి చక్రం తిరిగే వేగం చూసి గాలి తగ్గిందని పసిగడుతుంది. చక్రాలు మార్చాక ఒక బటన్ నొక్కితే సరిపోతుంది. మరిది కారుకి అలా కుదరదు. నాలుగు సెన్సర్లు విడిగా కొనాలి, కారుకి పరిచయం చేయించాలి. రెండో దెబ్బ కూడా మరిదిదే అని రాసుకున్నాను.)

వదిన: ఒప్పుకున్నాను, ఆ ఖర్చు నా లెక్కలో లేదు. కొను మరి, దీపం వెలుగుతుంటే అలవాటైపోయి అసలు గాలి పోయిన రోజున కూడా పట్టించుకోవు. చలికి గాలి దానంతటదే తగ్గుతుంది కూడా. 20 డిగ్రీల్లో నింపింది సున్నాకి వచ్చేసరికి మూడు పీఎస్‌ఐ దాకా దిగుతుంది.

(ఇద్దరూ టార్చ్ పట్టుకుని కిందికి దిగారు, వెనకే నేనూ. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద చిన్న స్టిక్కర్. మొదటి వరుసలో 195/55 ఆర్16 87హెచ్. రెండో వరుసలో 185/65 ఆర్15 88టి.)

మరిది: 88 అంటే?

వదిన: ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. టి అంటే గంటకి 190 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. మంచులో నువ్వు అంత వేగం వెళ్లవనే ఆశ.

మరిది: సరే వదినా, 15 అంగుళాల స్టీల్, 185/65, కొండ బొమ్మ ఉన్న చలికాలపు టైర్లు, సెన్సర్లు. బోల్టులు మాత్రం కొనను. ఉన్నవే వాడేస్తా, అవి ఇనపవేగా!

(వదిన మాట్లాడలేదు. తన కారు డిక్కీలోంచి ఓ పాత డబ్బా తీసి, అందులోంచి రెండు బోల్టులు ఏరి మరిది అరచేతిలో పెట్టింది. ఒకటి అల్లాయ్ చక్రానిదట, ఇంకోటి స్టీల్‌ది.)

మరిది: రెండూ ఒకేలా ఉన్నాయిగా?

వదిన: తల కింద వేలు పెట్టి తడుము.

(మరిది బొటనవేలితో తడిమాడు. ఒకదాని మెడ గరాటులా వాలుగా ఉంది. రెండోదాని మెడ గోళీలా గుండ్రంగా ఉంది. టార్చ్ దగ్గరగా పెట్టి, రెండిటినీ పక్కపక్కన నిలబెట్టి చూశాడు. ఒకటి పొడవు కూడా ఎక్కువే.)

మరిది: పదహారు బోల్టులు రాసుకోండి వదినా.