తాళంచెవికి 50 గంటల శిక్షణ

జాతీయ విద్యా విధానం 2020 ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు శిక్షణ పొందాలంది. సైన్సు మాస్టారు ఆ 50 గంటల్లో ఏం నేర్చుకోవాలో తేల్చడానికి కమిటీలు కావాలేమో గానీ, బడి లైబ్రరీ చూసే టీచరు విషయంలో మన హైదరాబాదులో అలాంటి గందరగోళమేమీ లేదు. బీరువాలో ఎన్ని పుస్తకాలు పెట్టామో అన్నీ అలాగే ఉండాలి. పిల్లలవల్ల ఉన్నంత ప్రమాదం పుస్తకాలకు చెదలవల్ల కూడా లేదు కాబట్టి పిల్లల్ని దూరంగా ఉంచాలి. ఈ లక్ష్యాన్ని మన శిక్షణలు ఎంత నిబ్బరంగా సాధిస్తున్నాయో చెప్పుకోకపోతే పాపం తగులుతుంది.

ముందు ఈ టీచరు ఎవరో తెలియాలి. సర్కారు బడుల్లో చాలాచోట్ల లైబ్రేరియన్ అనే మనిషి ఉండరు, లైబ్రరీ ఇన్‌ఛార్జి అనే బరువు ఉంటుంది. అది ఎవరి నెత్తిన పడాలో తేల్చడానికి ఒక శాస్త్రీయ పద్ధతి ఉంది: స్టాఫ్ మీటింగు నాడు సెలవులో ఉన్నవారి నెత్తిన. ప్రైవేటు బడుల్లో బీఎల్ఐఎస్సీ (లైబ్రరీ సైన్సు డిగ్రీ) చదివిన లైబ్రేరియన్ కనిపిస్తారు, నిజమే. ఏ టీచరు రాకపోయినా ఆ క్లాసును లైబ్రరీకి తోలేస్తారు గనుక, 45 మందిని మాట్లాడనీయకుండా కూర్చోబెట్టడంలో ఆయనకు రోజూ శిక్షణే.

శిక్షణ రోజు పంచాంగం లాంటిది, మారదు. పదింటికి రిజిస్ట్రేషన్. ఎఫ్ఎన్, ఏఎన్ (పొద్దుటిదీ మధ్యాహ్నానిదీ) రెండు సంతకాలూ పొద్దున్నే, ఒకే పెన్నుతో. పదిన్నరకు దీపం. ఫ్యాన్ ఆపితే ఉక్క, ఆపకపోతే దీపం నిలవదు. ఈ మీమాంసకు పది నిమిషాలు. పదకొండుకు ఛాయ్, ఉస్మానియా బిస్కెట్. ఆపైన రిసోర్స్ పర్సన్ గారు పీపీటీ తెరిచి, స్లైడు మీదున్నది ఉన్నట్టే చదువుతారు. చదివే అలవాటు గురించి శిక్షణ కదా, ఎవరో ఒకరు చదవాలి. మూడున్నరకు ఫీడ్‌బ్యాక్ ఫారం, నాలుగింటికి సర్టిఫికెట్. ఇంతసేపట్లో పుస్తకం ఒక్కటి కూడా ఆ హాల్లోకి రాదు. వస్తే మళ్లీ లెక్కపెట్టి ఎవరికి అప్పజెప్పాలి?

మొదటి స్లైడు మన గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ గారిది. 1931లో ఆయన ఐదు సూత్రాలు చెప్పారు. పుస్తకాలున్నది వాడటానికి, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు, పాఠకుడి సమయం ఆదా చేయాలి, గ్రంథాలయం పెరిగే జీవి. మొదటి మూడింటిలో పెద్దాయన కాస్త తొందరపడ్డారు. నాలుగోది మాత్రం మన బడుల్లో నూటికి నూరుపాళ్లు అమలవుతోంది: తలుపే తీయకపోతే పాఠకుడి సమయం ఒక్క నిమిషం కూడా వృథా కాదు. ఐదోదాన్ని బీరువా వెనక గోడలో చెదలు శ్రద్ధగా పాటిస్తున్నాయి. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరిపితే ఆ సూత్రానికి భంగం. అందుకే ఎవరూ జరపరు.

తర్వాత డ్యూయీ దశాంశ వర్గీకరణ, విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలిచ్చే పద్ధతి, 1876 నాటిది. లక్ష పుస్తకాలున్న చోట దాని అందమే వేరు. 400 పుస్తకాల బీరువాకు పట్టిస్తే ఏమవుతుందో చూడండి. తెలుగు సాహిత్యానికి డ్యూయీ అంకె 894.827. బీరువాలో 350 తెలుగు కథల పుస్తకాలుంటే 350 వీపుల మీదా అదే 894.827. ఊరందరికీ వెంకటేశ్వర్లని పేరు పెట్టినట్టు. అయినా రాయాలి, తనిఖీకి వచ్చిన అధికారికి చుక్క తర్వాత మూడంకెలు కనిపిస్తే గౌరవం పుడుతుంది. పైగా బొమ్మల పుస్తకాల్లో చాలావరకు 16, 24 పేజీలవి, మధ్యలో పిన్ను కొట్టినవి. వాటికి వీపే ఉండదు. మరి లేబులు ఎక్కడ అతికించాలని ఎవరో ఒకరు అడుగుతారు. జవాబుగా భోజన విరామం ప్రకటిస్తారు.

మధ్యాహ్నం కోహా. న్యూజిలాండులో పుట్టి 2000 నుంచి నడుస్తున్న చక్కటి లైబ్రరీ సాఫ్ట్‌వేరు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, దాన్నేమీ అనకూడదు. లినక్స్ సర్వరు, డేటాబేసు, బ్యాకప్ తీసే మనిషి ఉంటే చాలు. బడిలో ఉన్న ఒక్క కంప్యూటరూ హెడ్‌మాస్టరు గదిలో గుడ్డ కప్పుకుని ఉంటుంది. సరే, ఎలాగో ఎక్కించారనుకుందాం. ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీదుండే అంతర్జాతీయ నంబరు) కొడితే వివరాలు వాటంతటవే దిగుతాయని స్లైడు చెబుతుంది. తెలుగు పిల్లల పుస్తకాలు చాలావాటికి అలా దిగడానికి వివరాలు దొరకవు, కొన్నిటికి ఐఎస్‌బీఎన్నే ఉండదు. చేత్తో కొట్టాల్సిందే. డీటీపీ తెలిసిన కుర్రాడొకడు పాత పద్ధతి అను ఫాంట్లలో చకచకా కొట్టి పెడతాడు. వాడి సిస్టంలో ‘నక్క’ అని కనబడింది కోహాలోకి వచ్చేసరికి ఇంగ్లిషు అక్షరాలూ కామాల ఊరేగింపు అవుతుంది. వెతికితే నక్క చిక్కదు. మొదటి నుంచీ ఏ సిస్టంలోనైనా చదవగలిగే యూనికోడ్‌లో కొట్టి ఉంటే ఈ తిప్పలుండేవి కావు. ఈ ముక్క చెప్పడానికి అర నిమిషం చాలు. కానీ సెషన్‌కు గంటన్నర కేటాయించారు. అర నిమిషం సంగతికి అందులో చోటెక్కడ?

అన్నిటికంటే భద్రంగా దాచిన రహస్యం ఇంకొకటుంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు 2017లో 215వ నియమం. ఏడాదిలో బయటికిచ్చినవీ అక్కడే చదివినవీ కలిపి, ప్రతి వెయ్యికి 5 పుస్తకాలు పోతే అది సహజ నష్టమే. మోసమో నిర్లక్ష్యమో ఉండకూడదు, అంతే. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమో, అరుదైనదో పోతేనే విచారణ. లెక్క కట్టండి. 300 మంది పిల్లలు వారానికొకటి చొప్పున 30 వారాలు తీసుకెళ్తే 9,000 సార్లు. అంటే 45 పుస్తకాలు కనబడకపోయినా ఢిల్లీ కన్నెర్ర చేయదు. ఇది కేంద్ర ప్రభుత్వ లైబ్రరీల నియమం, రాష్ట్రం బడికి నేరుగా వర్తించదు. ఈ రెండో ముక్క శిక్షణ లేకుండానే అందరికీ తెలుసు. మొదటి ముక్క మాత్రం పీపీటీకెక్కదు. ఎక్కితే ఇన్‌ఛార్జికి భయం పోతుంది, భయం పోతే తాళం తీస్తారు. ఇప్పుడాయన లెక్క సూటిగా ఉంది: పుస్తకం పోతే జీతంలోంచి రికవరీ, ఎవరూ చదవకపోతే ఎవరూ అడగరు. పైగా ఆ నియమంలో ఒక మెలిక: 5 పోగొట్టుకునే హక్కు రావాలంటే ముందు వెయ్యి ఇవ్వాలి. సున్నా ఇచ్చినవాడికి హక్కూ సున్నాయే.

చిరిగిన పుస్తకాన్ని లెక్కలోంచి తీసేయడమూ ఇంతే. కమిటీ వేసి, జాబితా రాసి, స్టాకు రిజిస్టరులో ఎర్రసిరాతో కొట్టేసి సంతకాలు పెడితే ఒక పూట పని. ఎవరూ నేర్పరు గనుక సిలబస్ మారిపోయిన గైడ్లు అరల్లో దర్జాగా కూర్చుని, కథల పుస్తకాలు అట్టపెట్టెల్లో నేలమీద పడుకుంటాయి.

ఈ మధ్య కొందరు శిక్షణ పేరుతో ప్రమాదకరమైన సలహాలిస్తున్నారు. వాటిని ఖండించక తప్పదు. గోడకు రెండు మేకులు, నాలుగు మీటర్ల నైలాన్ తాడు, 20 బట్టల క్లిప్పులు తెమ్మంటారు. పుస్తకాల అట్ట కనిపించేలా, రెండో తరగతి పిల్ల చెయ్యి అందే ఎత్తులో వేలాడదీయమంటారు. డ్యూయీ అంకె బదులు అట్ట మీద ఎడమ మూలన రంగు స్టిక్కరట: పేజీకి ఒకటి రెండు వాక్యాలున్నవాటికి ఒక రంగు, పేరాలున్నవాటికి ఇంకోటి, అధ్యాయాలున్నవాటికి మూడోది. పైన మామూలు సెలోటేపు వేస్తే మే నెల ఎండకు పచ్చబడి లేచిపోతుందట, వెడల్పాటి మంచి టేపు వేయాలట. ఇంతటితో ఆగినా బాగుండేది. 40 నిమిషాల పీరియడులో 40 మందికి టీచరే రాసిస్తే మనిషికి నిమిషం చొప్పున గంట కొట్టేస్తుందని, రిజిస్టరును ఎనిమిదో తరగతి పిల్లలిద్దరి చేతిలో పెట్టమంటున్నారు. తేదీ, పుస్తకం నంబరు, పేరు, తరగతి, తిరిగిచ్చిన తేదీ: ఐదు గడుల లాంగ్ నోట్‌బుక్కు. సర్వరు లేదు, పాస్‌వర్డు లేదు. ఇలాంటిదానికి గౌరవ వేతనం ఏ పద్దు కింద రాస్తాం?

అంతకంటే ఘోరం, పైకి చదివి వినిపించడం. ముందురోజే ఇంట్లో రెండుసార్లు చదువుకు రావాలట. పిల్లల్ని 20 మందికి మించకుండా దగ్గరగా కింద కూర్చోబెట్టి, పుస్తకాన్ని భుజం పక్కన, బొమ్మ వాళ్లకు కనిపించేలా పట్టుకోవాలి. అలా పట్టుకుంటే అక్షరాలు మనకు వంకరగా కనబడతాయి గనుక సగం వాక్యాలు నోటికి వచ్చి ఉండాలి. 40 మందికి ఒకేసారి చదివితే వెనక వరుసకు బొమ్మ కనపడదు, బొమ్మ కనపడనివాడు పక్కవాణ్ని గిల్లుతాడు. ఇవన్నీ సరే. కథ అయ్యాక ‘ఇందులో నీతి ఏమిటి?’ అని అడగకూడదట! పదేళ్ల సర్వీసున్న టీచరును పట్టుకుని ఇంత మాట అనడమా? నీతి అడక్కుండా పుస్తకం మూసే ధైర్యం స్లైడు చూస్తే రాదు. తోటి టీచర్ల ముందు నిలబడి చదివి, ‘పేజీ తొందరగా తిప్పేశారు మేడమ్’ అనిపించుకుని, మళ్లీ చదివితే వస్తుంది. అప్పుడు ప్రొజెక్టరూ దీపమూ రెండూ దండగ.

నిజంగా నేర్చుకుంటామని మొండికేసేవాళ్లకు దారులున్నాయి, దాచలేం. ఉస్మానియాలోనూ జూబ్లీహిల్స్‌లోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనూ బీఎల్ఐఎస్సీ ఉంది; వర్గీకరణ, సూచీకరణ వంటబట్టాలంటే అదే. ఆరేళ్ల పిల్లకు ఏ పుస్తకం ఇవ్వాలన్న చింత ఉంటే టాటా ట్రస్ట్స్ వారి పిల్లల పుస్తకాల విభాగం పరాగ్ నడిపే లైబ్రరీ ఎడ్యుకేటర్స్ కోర్సుంది, నెలల తరబడి, మధ్యమధ్య ముఖాముఖి తరగతులతో, హిందీ ఇంగ్లిషుల్లో. తప్పించుకోవడానికి తెలుగు పండితులకు ఇంతకన్నా మంచి కారణం దొరకదు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దించుకోవచ్చు. 1891లో ఆసఫియాగా మొదలైన అఫ్జల్‌గంజ్ గ్రంథాలయంలోనో, 1901లో వెలసిన సుల్తాన్ బజార్ శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయంలోనో ఒక పూట కూర్చుని, పుస్తకం అడిగినవాడి చేతికి ఎలా చేరుతుందో చూసినా చాలు. కాకపోతే ఓడీ ఇవ్వరు, అంటే ఆ పూటను డ్యూటీ కింద రాయరు.

ఎంపిక మీద శిక్షణ అవసరమే లేదు. సమగ్ర శిక్ష కింద బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల లైబ్రరీ గ్రాంటు. హైదరాబాద్ బుక్ ఫెయిర్ డిసెంబరులో. డబ్బు చాలాసార్లు మార్చిలో. 31లోగా యూసీ, అంటే ఖర్చు చేసినట్టు ధ్రువపత్రం, పంపాలి. షాపువాడు కట్టా బిల్లూ సిద్ధంగా ఉంచుతాడు, ఎంపికా ఆయనదే.

ఇంత శిక్షణ పొందిన టీచరుకు వేసవిలో బదిలీ వస్తుంది. కొత్త బడిలో లైబ్రరీకి అప్పటికే ఇన్‌ఛార్జి ఉంటారు గనుక ఈయనకు మధ్యాహ్న భోజనం లెక్కలు అప్పగిస్తారు. పాత బడిలో తాళంచెవి పీఈటీ గారి జేబులోకి వెళ్తుంది. స్టాఫ్ మీటింగు నాడు ఆయన పిల్లల్ని కబడ్డీ పోటీలకు తీసుకెళ్లారు. తర్వాతి బ్యాచిలో ఆయన పేరు ఎక్కేసింది. పదింటికి రమ్మన్నారు. రెండు సంతకాలూ పొద్దున్నే పెట్టేయమని పక్క కుర్చీ ఆయన చెబుతారు.