కొబ్బరికాయ పడినా కళాశాలకు సంబంధం లేదు

డిగ్రీ పిల్లలు ఊళ్లకు సేవ చేయడానికి బయల్దేరే రోజుల్లో సిక్కోలు నుంచి విజయనగరం దాకా జిరాక్సు షాపులకు చేతినిండా పని. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) వారం రోజుల క్యాంపు కానివ్వండి, డిగ్రీ చదువులో భాగమైన 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కానివ్వండి, సేవకు తొలిమెట్టు హామీపత్రం. "మా అబ్బాయికి ఏమి జరిగినా కళాశాల యాజమాన్యానికి ఎటువంటి సంబంధమూ లేదు" అని తండ్రి సంతకం పెట్టాలి. "ఏటి రాసారు బాబూ ఇందులో?" అని అడిగే తండ్రయితే వేలిముద్ర చాలు. వంద రూపాయల బాండు పేపరు, దాని మీద నోటరీ ముద్ర ఉంటే మరీ శ్రేష్ఠం.

ఈ పత్రం రాయడం ఆషామాషీ పని అనుకునేరు. క్యాంపు సిక్కోలు జిల్లాలోని కొబ్బరి, జీడితోటల సీమ ఉద్దానంలో అనుకోండి. రిస్కు మేనేజిమెంటు కమిటీ కూర్చుంటుంది, టీ వస్తుంది. జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయని జువాలజీ మాస్టారు గుర్తు చేస్తారు. నాలుగో షరతు పుడుతుంది. కొబ్బరికాయ నెత్తిన పడితేనో అంటారు బోటనీ మేడం. అది ఐదోది. ఎలుగు తరుముతుంటే పరుగెత్తి చెట్టు కిందికి చేరిన కుర్రాడి మీద కాయ పడితే ఏ షరతు కింద రావాలన్నది లెక్కల మాస్టారి సందేహం. చాలాసేపు చర్చించి "విడివిడిగా గానీ, ఉమ్మడిగా గానీ" అని చేరుస్తారు. 2018 తిత్లీ తలపుకొచ్చి తుపాను చేరుతుంది. బారువ తీరం దగ్గరే కాబట్టి "విద్యార్థి సముద్రం వద్దకు వెళ్లినా, సముద్రమే విద్యార్థి వద్దకు వచ్చినా" అని ప్రిన్సిపాలుగారు స్వహస్తాలతో సవరిస్తారు. కొత్తగా చేరిన లెక్చరరు ఒకాయన, పాము కరిస్తే మందు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉందో ముందే ఫోన్ చేసి కనుక్కుందామా సార్ అంటాడు. అజెండాలో లేని అంశం. మీటింగు ముగిసింది.

పాము కరిచిన చోట కోయకూడదు, పైన తాడు బిగించకూడదు, కాలు కదలకుండా కర్ర కట్టి 108కి ఫోన్ చేయాలి. ఈ మూడు ముక్కలు పిల్లలకు చెప్పడానికి పది నిమిషాలు పట్టదు. చెప్పరు, పత్రం ఉందిగా.

పోనీ, ఆ పత్రమైనా కాపాడుతుందా? 1995లో పఠాన్‌కోట్ బడిపిల్లలను బియాస్ నది ఒడ్డుకు పిక్నిక్ తీసుకెళ్తే పద్నాలుగు మంది మునిగిపోయారు. 2001లో సుప్రీంకోర్టు చూసింది పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లు జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నదే. ఒక్కో బిడ్డకు 5 లక్షల పరిహారం ఖాయం చేసింది. నిర్లక్ష్యాన్ని తండ్రి వేలిముద్ర కడిగేయదు.

ఇక ప్రయాణం. ఎలుగుబంటికి షరతు రాసిన కమిటీయే ముప్పై మందిని ట్రాక్టరు తొట్టిలో ఎక్కించి, ఊళ్లోకి మలుపు తిరిగే దాకా పదహారో నంబరు హైవే మీద నడిపిస్తుంది. సరుకు బండిలో సరుకుతో సంబంధం లేకుండా ఎక్కిన మనుషులకు ఆ బండి బీమా వర్తించదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చేసింది. పిల్లలు సరుకూ కారు, సరుకు సొంతదారులూ కారు. బ్యాంకు ఖాతా ఉన్న, పద్దెనిమిది నిండి డెబ్బై దాటని ఎవరికైనా ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా దొరుకుతుంది. ప్రమాదంలో పోతే ఇంటివాళ్లకు 2 లక్షలు. ఏటా జూన్ 1 లోపు బ్యాంకు కోసుకునే వేళకి ఖాతాలో ఆ ఇరవై లేకపోతే పాలసీ పోతుంది, అది చూసుకోవాలంతే. కానీ మనవాళ్లకు వందరూపాయల బాండే ముద్దు. మురుగుకాలవ శుభ్రం చేసే రోజున కూడా ఇదే లెక్క. గ్లవ్స్ ఒకే జత, అది ముఖ్య అతిథికి, ఫొటో అయ్యేవరకు. ఆ తర్వాత పిల్లలు వట్టి చేతులు పెడతారు. సీసాపెంకులు కూడా ఆ కాలవలోనే ఉంటాయి.

ఇంతవరకూ పిల్లల సంగతి. మరి ఊరివాళ్లకు హామీపత్రం ఎవరు రాసిచ్చారు? కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానంలో కిడ్నీ సర్వే అని పంతొమ్మిదేళ్ల పిల్లలు గడపగడపకూ వెళ్లి ఎవరికి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) ఎంతో, ఎవరు డయాలసిస్‌కి పోతున్నారో పేర్లతో సహా రాసుకొస్తారు. ఆ పేజీ ఫొటో తీసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెడతారు, హాజరుకు రుజువు కదా! ఆ ఇంటి ఆడపిల్లకు వచ్చిన సంబంధం రేపు దానివల్లే తప్పిపోతే ఏ షరతు కింద రాస్తారయ్యా? ఎన్ని సర్వేలు! ఎంతమంది వచ్చి చెయ్యి చాపమన్నారు, సూది గుచ్చారు, వెళ్లిపోయారు! రిపోర్టు ఆ ఇంటికి ఇవ్వాలని ఒక్కడికీ తోచదు. జబ్బుపడ్డ మనిషి గుట్టు బయటపెట్టి నాలుగు క్రెడిట్లు సంపాదించుకోవడాన్ని సేవ అంటారా? సిగ్గుండాలి. పేరు బదులు నంబరు వేయొచ్చు. ఆ నంబరు ఎవరిదో తెలిపే జాబితా ప్రాజెక్టు గైడుగా ఉన్న లెక్చరరు బీరువాలో ఉంచొచ్చు. ఫోన్లు బయటే పెట్టించొచ్చు. వీటికి పైసా ఖర్చు లేదు.

అందుకని వచ్చే క్యాంపుకు ఒక సవరణ. పిల్లలు ఏ బండిలో వెళ్తారో, పీహెచ్‌సీ ఎంత దూరమో, రాసుకొచ్చిన వివరాలు ఎక్కడ దాస్తారో ప్రిన్సిపాలుగారే బాండు పేపరు మీద రాసి, కింద సంతకం పెట్టి, ఒక కాపీ తండ్రికి, ఒక కాపీ పంచాయతీ ఆఫీసుకు ఇవ్వాలి. నోటరీ ఖర్చు గురించి ఆయన బెంగపడనక్కర్లేదు. ఎలాగూ అలవాటే కాబట్టి పిల్లలే చందా వేసుకుంటారు.